మలావీలో పిన్ని దగ్గర పన్నెండు రోజులు

మా పిన్ని కన్యాస్త్రీ, నర్సు. ఆఫ్రికాలోని మలావీ దేశంలో, ఉత్తరాన మ్జింబా జిల్లాలో ఒక పల్లె మిషన్ ఆసుపత్రిలో పదిహేడేళ్లుగా పనిచేస్తోంది. ఈ జులైలో అమ్మను వెంటబెట్టుకుని ఆమె దగ్గరికి వెళ్లాను. పిన్ని మఠంలో చేరిన తర్వాత అక్కాచెల్లెళ్లిద్దరూ ఇన్ని రోజులు కలిసి ఉండడం ఇదే మొదటిసారి. తిరిగొచ్చినప్పటి నుంచి బంధువులు, మా విచారణలోని (మా గుడి పరిధిలోని) వాళ్లు ఎలా వెళ్లారు, ఎక్కడ ఉన్నారు, ఏం తిన్నారు అని అడుగుతూనే ఉన్నారు. వాళ్ల కోసమే ఇది రాస్తున్నాను.

ముంబయి నుంచి అడిస్ అబాబా మీదుగా మలావీ రాజధాని లిలాంగ్వే చేరాం. ఇథియోపియా మీదుగా ప్రయాణం కాబట్టి హైదరాబాద్ నారాయణగూడలోని ప్రివెంటివ్ మెడిసిన్ సంస్థలో యెల్లో ఫీవర్ టీకా వేయించుకున్నాం. ఆ పసుపు కాగితం పాస్‌పోర్టుతో పాటే ఉంచుకోవాలి. మలేరియా మాత్రలు డాక్టరును అడిగి ముందే మొదలుపెట్టాం. స్వెటర్లు మాత్రం తప్పనిసరి. అక్కడ జూన్, జులై నెలలు చలికాలం. మ్జింబా ఎత్తైన ప్రాంతం, రాత్రిపూట రెండు దుప్పట్లు కప్పుకున్నా అమ్మ వణికింది.

లిలాంగ్వేలో మొదటి రాత్రి చేదుగా గడిచింది. ఫోనులో మాట్లాడుకున్న అతిథి గృహం వాళ్లు డబ్బు ముందే తీసుకుని, నీళ్లు రాని గది ఇచ్చారు. అర్ధరాత్రి అమ్మకు ముఖం కడుక్కోవడానికి సీసా నీళ్లే గతి అయ్యాయి. పెద్దవాళ్లతో వెళ్లేవాళ్లు గది, నీళ్లు చూసుకున్నాకే డబ్బు కట్టాలి.

మర్నాడు ఉత్తరానికి వెళ్లకుండా ముందు దక్షిణానికి, మువా మిషన్‌కు వెళ్లాం. అది పిన్ని సలహా. “మా పని చూసే ముందు, మేము ఎవరి మధ్య బతుకుతున్నామో చూడండి” అంది ఫోనులో. మువా 1902లో వైట్ ఫాదర్స్ అనే కథోలిక మిషనరీ సభ గురువులు (ఫాదర్లు) స్థాపించిన మిషన్. అక్కడే 1976లో ఫాదర్ క్లాడ్ బూషే అనే కెనడా గురువు కుంగోని కళాకేంద్రాన్ని మొదలుపెట్టారు. అందులోని చమారే మ్యూజియంలో చేవా, న్గోనీ, యావో జాతుల పుట్టుక నుంచి చావు దాకా జరిగే తంతులన్నీ ఉన్నాయి. చేవా జాతివాళ్ల గులే వంకులు నాట్యంలో వాడే ముసుగులు గోడల నిండా వేలాడుతుంటాయి. ఒకప్పుడు మిషనరీలు సాతాను పూజ అని తిట్టిన నాట్యమది. దాన్ని ఒక గురువే ఏళ్ల తరబడి కూర్చుని అర్థం చేసుకుని, పదిలపరచడం నన్ను కదిలించింది. చెక్కపని చేసేవాళ్ల దగ్గర కూర్చుని ఉలి చప్పుడు వింటే పొద్దు తెలియలేదు. మలావీకి వెళ్లేవాళ్లు మలావీ సరస్సు ఒడ్డున ఒక రోజు తగ్గించుకునైనా మువా చూడాలి.

లిలాంగ్వే నుంచి ఉత్తరాన మ్జుజు పట్నం వైపు వెళ్లే దారిలో కసుంగు దాటాక రోడ్డుకు రెండు వైపులా పొగాకు తోటలు. మాది ప్రకాశం జిల్లా కాబట్టి అమ్మ కిటికీకి అతుక్కుపోయింది. మనవైపు బ్యారన్లలో వేడి పెట్టి ఆకు మగ్గబెడతాం. ఇక్కడి బర్లీ రకం పొగాకును గడ్డి కప్పిన పందిళ్లలో గాలికే ఆరబెడతారు. “పందిరి వేరైనా రైతు ముఖం ఒకటే” అంది అమ్మ. వేలం కేంద్రాల్లో ధర పడిపోయిందన్న బెంగ అక్కడి రైతుకూ ఉంది.

బస్సు విషయం చెప్పాలి. ఒక బస్సుకు టికెట్టు కొన్నాక, సీట్లు నిండేదాకా రెండున్నర గంటలు కదల్లేదు. చిన్న వ్యాన్లయితే నలుగురు కూర్చోవలసిన చోట ఆరుగురిని కుక్కుతాయి. మేము తిరుగు ప్రయాణానికి కారు మాట్లాడుకున్నాం. ఖర్చు ఎక్కువే అయినా అమ్మ మోకాళ్లకు అదే మేలు. పెట్రోలు దొరకని రోజులుంటాయి, కాబట్టి ట్యాంకు నిండుగా ఉందో లేదో బయల్దేరే ముందే అడగాలి.

పెద్ద రోడ్డు దిగి ఎర్రమట్టి దారిలో గంటకు పైగా వెళ్తే మిషన్. గుడి, బడి, ఆసుపత్రి, కన్యాస్త్రీల మఠం, గురువుల ఇల్లు, మధ్యలో మామిడి చెట్లు. మాకు మఠం పక్కన అతిథుల గది ఇచ్చారు. రెండు మంచాలు, దోమతెరలు, ఒక బల్ల, గోడకు సిలువ. కట్టెల పొయ్యి మీద కాచిన నీళ్లు పొద్దున్నే బక్కెట్లో తలుపు దగ్గర పెట్టేవారు. కరెంటు ఉన్నప్పుడు ఉంటుంది. ఫోను ఛార్జింగుకు సోలార్ పలక ఉన్న ఒకే ఒక గదికి వెళ్లాలి. సిగ్నల్ మాత్రం ఫర్వాలేదు, మన ఎయిర్‌టెల్ అక్కడా ఉంది. అద్దె ఇంత అని అడగరు, మనకు తోచింది ఇవ్వాలి. అలాగని ఊరికే ఉండడం తప్పు. మేము తిన్న ప్రతి ముద్దా ఆ మఠం వంటింటి లెక్కలోంచి వచ్చిందే. పట్నంలో మంచి గదికి ఎంత ఇస్తామో అంత లెక్కగట్టి ఇచ్చాం. ఈ యాత్రలో మేము ఉన్న అన్ని చోట్లలోకీ నాకు నచ్చింది ఆ గదే.

భోజనం ప్రధానంగా న్సిమా. మొక్కజొన్న పిండితో చేసే సంకటి అనుకోండి. అందులోకి ఆవాల ఆకుకూర, చిక్కుడు గింజలు, సరస్సు నుంచి వచ్చే ఉసిపా అనే చిన్న ఎండుచేపలు. తినే ముందు ఒకరు చెంబుతో మన చేతుల మీద నీళ్లు పోస్తారు. కుడిచేత్తోనే తింటారు. అమ్మకు మూడో రోజుకే ఇల్లనిపించింది. పెరట్లో గోంగూర ఉంది. పిన్ని దాన్ని ఉసిపాతో కలిపి వండితే మలావీ సిస్టర్లు కూడా రెండోసారి పెట్టించుకున్నారు.

ఇక అక్కడి రోజు ఎలా గడుస్తుందో చెప్తాను. అయిదింటికి ప్రార్థన, ఆరింటికి పూజ. ఏడుంపావుకు పిన్ని ఆసుపత్రి వెనక్కి వెళ్లి జనరేటర్ డీజిల్ ట్యాంకులో ఒక కర్ర ముంచి చూస్తుంది. నూనె పీల్చి నల్లబడ్డ ఆ కర్రకు కత్తితో కోసిన నాలుగు గాట్లున్నాయి. మూడో గాటు దాకా తడి ఉంటే ఆ రోజు ఆపరేషన్ పెట్టుకోవచ్చు. రెండో గాటుకు దిగితే కాన్పులకు తప్ప జనరేటర్ వేయరు. మొదటి గాటుకు వస్తే ఎవరో ఒకరు బండి కట్టుకుని మ్జుజుకు పరుగెత్తాలి. టీకాల ఫ్రిజ్, కాన్పుల గది దీపాలు మాత్రం సోలార్ మీద నడుస్తాయి. “నా నిద్ర అంతా ఈ కర్ర చేతిలో ఉంది అక్కా” అని అమ్మకు చూపించింది. నాకు మిషనరీ జీవితం అంటే ఇప్పుడు మొదట గుర్తొచ్చేది ఆ కర్రే.

మలావీలో పల్లె ప్రాంతాల వైద్యంలో చాలా భాగం ఇలాంటి క్రైస్తవ ఆసుపత్రుల మీదే నడుస్తుంది. 1966లో ఏర్పడిన క్రైస్తవ ఆరోగ్య సంఘంలో కథోలికులు, ప్రొటెస్టెంట్లు కలిసే ఉన్నారు. చాలామంది సిబ్బందికి జీతాలు ప్రభుత్వమే ఇస్తుంది. ప్రభుత్వంతో ఒప్పందం ఉన్నచోట కాన్పులు, పసిపిల్లల వైద్యం ఉచితం. ఆసుపత్రి వెనక రోగుల బంధువులకు పొడవాటి షెడ్డు ఉంది. రోగికి అన్నం వండిపెట్టేది వాళ్లే, వరుసగా పొయ్యిలు. నెలలు నిండిన ఆడవాళ్లు దూరపు ఊళ్ల నుంచి ముందే వచ్చి ఉండేందుకు ఇంకో ఇల్లు. అయినా అందరూ ముందే రాలేరు. మేమున్న నాలుగో రాత్రి ఒక భర్త, సైకిలు వెనక పలక కట్టి భార్యను కూర్చోబెట్టుకుని వచ్చాడు. చలిలో అతని చొక్కా చెమటతో తడిసి ఉంది. పిన్నితో పాటు అమ్మ కూడా లేచి వెళ్లి తెల్లారేదాకా అతని పక్కన బల్ల మీద కూర్చుంది. ఒకరి భాష ఒకరికి రాదు. బిడ్డ ఏడుపు వినబడగానే అతను అమ్మ చేతులు రెండూ పట్టుకుని “యెవో, యెవో” అన్నాడు. తుంబుకా భాషలో కృతజ్ఞత చెప్పే మాట అది.

ఆదివారం గురువుగారితో పాటు ఒక ఉపగ్రామానికి వెళ్లాం. ఈ విచారణ కింద ముప్పైకి పైగా ఊళ్లున్నాయి. ఒక్కో ఊరికి పూజ నెలకోసారి దక్కినా గొప్పే. మిగతా వారాలన్నీ గురువు బదులు ప్రార్థనలు నడిపే ఊరి మనిషి, ఉపదేశి, చూసుకుంటాడు. ఆయన మొక్కజొన్న రైతు, సైకిలే వాహనం. పెళ్లిళ్ల గొడవలు, చావులు, బాప్తిస్మాల పుస్తకం అన్నీ ఆయన దగ్గరే. మన పల్లెల్లో ఒకప్పటి ఉపదేశుల్ని చూసినవాళ్లకు ఆ మనిషి కొత్తగా అనిపించడు. మిషనరీ అనగానే దూరదేశం నుంచి వచ్చినవాళ్ల ఫొటోలే వేస్తాం. ఈ ఉపదేశి లేకపోతే ఏ మిషన్ పదేళ్లు నిలవదని నా నమ్మకం. ఆ మఠం పెద్ద కూడా మలావీ సిస్టరే. భారతీయులు ఇద్దరే మిగిలారు. తన తర్వాత ఆ వార్డు చూసుకోబోయే మలావీ నర్సును మాకు పరిచయం చేస్తూ పిన్ని ముఖం వెలిగిపోయింది.

జనవరి నుంచి మార్చి దాకా కష్టకాలమట. పాత పంట అయిపోతుంది, కొత్తది చేతికి రాదు, వానలతో మలేరియా విరుచుకుపడుతుంది. అప్పుడు పిల్లలకు లికుని ఫాలా అనే మొక్కజొన్న, సోయా గంజి పోస్తారు. మన అంగన్‌వాడీల బాలామృతం లాంటిదే. పిన్ని ఆ మాట చెబుతుంటే నాకు ఒంగోలు క్లౌ దొర గుర్తొచ్చాడు. 1876-78 కరువులో బకింగ్‌హామ్ కాలువ తవ్వకం కాంట్రాక్టు తీసుకుని వేలమందికి కూలి ఇప్పించిన బాప్తిస్టు మిషనరీ ఆయన. 1878 జులై 3న గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్న సంగతి మా జిల్లాలో ఇప్పటికీ చెప్పుకుంటారు. అన్నం కోసం మతం మారారని వాళ్లను చిన్నచూపు చూసినవాళ్లున్నారు. ఆకలితో ఉన్నవాడికి ముందు అన్నం పెట్టినవాణ్ని నమ్మడంలో తప్పేముందో నాకు అప్పుడూ అర్థం కాలేదు, ఇప్పుడూ కాదు.

పదిహేడేళ్లలో పిన్ని, కొండ మీది పాత మిషన్ ఊరు లివింగ్‌స్టోనియా చూడలేదు. తీరిక దొరకలేదు. మఠం పెద్దను అడిగి రెండు రోజులు సెలవు ఇప్పించి మాతో తీసుకెళ్లాం. సరస్సు ఒడ్డున చిటింబా నుంచి ఇరవై మెలికల కొండదారి, పేరు గొరోడె. తారు లేదు, పక్కన లోయ. మంచి జీపు, నిదానమైన డ్రైవరు లేకుండా ఎక్కకండి. అమ్మ జపమాల రెండు చుట్లు పూర్తయ్యేసరికి పైకి చేరాం.

స్కాట్లండ్ మిషనరీలు 1875లో సరస్సు దక్షిణాన కేప్ మక్లియర్‌లో మొదలుపెట్టి, మలేరియాకు మనుషుల్ని పోగొట్టుకుని, 1881లో బందావేకు, చివరికి 1894లో ఈ కొండ మీదికి వచ్చారు. డాక్టర్ రాబర్ట్ లాస్ 1927 దాకా, అంటే 52 ఏళ్లు ఈ దేశంలోనే ఉన్నాడు. వడ్రంగం, అచ్చుపని, వైద్యం, చదువు అన్నీ నేర్పించాడు. 1903లో కట్టిన ఆయన రాతి ఇల్లు ఇప్పుడు మ్యూజియం, అతిథి గృహం కూడా. మేము అక్కడే ఉన్నాం. అరుగు మీద కూర్చుంటే కింద సరస్సు ఆకాశంలో కలిసిపోయి కనబడుతుంది. గుడి అద్దాల బొమ్మలో, ఆ ఊరికి పేరు వచ్చిన స్కాట్లండ్ మిషనరీ లివింగ్‌స్టన్ వెనక ఉన్నదీ ఆ సరస్సే.

అయితే ఆ కొండ మీద నన్ను ఆపేసింది నేల మీద పేర్చిన రాళ్లు. 1959లో వలస ప్రభుత్వం అత్యవసర పరిస్థితి ప్రకటించినప్పుడు, తెల్ల మిషనరీలను అక్కణ్నుంచి తరలించడానికి ఒక విమానం సందేశం జారవిడిచింది. వాళ్లు వెళ్లలేదు. పైనుంచి కనబడేలా రాళ్లతో జవాబుగా ఒక బైబిలు వాక్యం సంఖ్య రాశారు: ఎఫెసీ 2:14. పిన్ని ఆ రాళ్ల దగ్గర నిలబడి ఆ వాక్యం తెలుగులో చెప్పింది. ఆయనే మన సమాధానం, మధ్యగోడను పడగొట్టి ఇద్దరినీ ఏకం చేశాడని. చెప్పి, చాలాసేపు మాట్లాడలేదు. ఇంతలో ఆసుపత్రి నుంచి ఫోను, డీజిల్ రెండో గాటుకు దిగిందని. అక్కణ్నుంచే మ్జుజులో ఎవరికో పురమాయించింది.

ఇలాంటి మిషన్‌కు వెళ్లాలనుకునేవాళ్లు వానలు లేని మే నుంచి అక్టోబరు మధ్య వెళ్లండి. ముందుగా రాసి, వాళ్లు రమ్మన్నాకే వెళ్లండి. ఏం తేవాలో అడిగి తీసుకెళ్లండి. పిన్ని మాకు చెప్పిన జాబితాలో థర్మామీటర్లు, తలకు పెట్టుకునే టార్చిలైట్లు, చదువుకునే కళ్లద్దాలు ఉన్నాయి. వార్డుల్లో ఫొటోలు తీయకండి. రెండు రోజులకు వెళ్తే వాళ్ల పనికి అడ్డం. వారం ఉంటే వాళ్లే ఏదో ఒక పని అప్పజెప్తారు.

అమ్మకు అలా దొరికింది పసిపిల్లల తూకాల పని. వారానికోసారి అయిదేళ్ల లోపు పిల్లల్ని మామిడికొమ్మకు వేలాడే కాటాకు గుడ్డతొట్టెలో ఉంచి తూస్తారు. తల్లులు నడుముకు చుట్టుకునే చితెంజే గుడ్డలు కట్టుకుని, శుభ్రం గురించి, పాల గురించి పాటలు పాడుతూ వరుసలో నిలబడతారు. ఒకరు తూకం చెబితే ఇంకొకరు ఆరోగ్య పుస్తకంలో రాయాలి. మేము బయల్దేరిన రోజు సరిగ్గా ఆ రోజే. కారు వచ్చి గుడి ముందు ఆగింది. పిన్ని కాటా దగ్గర, అమ్మ బల్ల దగ్గర.

“ఏడు కిలోల నాలుగు వందలు, అక్కా.”

అమ్మ రాసింది. డ్రైవరు హారన్ కొట్టాడు.

“ఇంకా ఆరుగురున్నారు, ఉండమను” అంది అమ్మ, తలెత్తకుండా.