భీమవరంలో మెనోపాజ్‌కి చూపించుకున్న క్లినిక్: డాక్టరమ్మకి మార్కులు వెయ్యొచ్చు, కౌంటర్‌కి మాత్రం సున్నా

మా పాలకొల్లు వైపు వాళ్ళు ఎక్కడ చూపించుకున్నావని అడుగుతూనే ఉన్నారు, అందరికీ ఒకేసారి రాసేస్తున్నా. క్లినిక్ పేరు రాయను, ఎందుకంటే కింద తిట్లు కూడా ఉన్నాయి.

నాకు 49. నెలసరి ఆగి ఏడాది దాటింది, అంటే మెనోపాజ్ వచ్చేసినట్టే. అర్ధరాత్రి ఫ్యాను ఫుల్లుగా తిరుగుతున్నా మెడ వెనక నుంచి ఆవిర్లు లేచి జాకెట్ తడిసిపోవడం, కాసేపటికే చలి, మళ్ళీ దుప్పటి. మే నెలలో చెప్తే "మన గోదావరి ఉక్క అందరికీ ఉన్నదేగా" అన్నారు ఇంట్లో. డిసెంబరులో కూడా అలాగే తడుస్తుంటే అప్పుడు నమ్మారు.

ముందు చెడ్డ సంగతి. పొద్దున్నే ఫోన్ చేసి నంబరు రాయించుకున్నా సరే, గంటలు కూర్చోవాల్సిందే. అది ఎక్కడైనా ఉండేదే అనుకోండి. అసలు ఒళ్ళు మండేది బీపీ చూసే అమ్మాయి దగ్గర. హాలు మధ్యలో టేబులేసుకుని "డేట్ ఎప్పుడు ఆగిందండీ? కింద మంటగా ఉంటోందా? దగ్గితే యూరిన్ పడిపోతోందా?" అని అందరికీ వినపడేలా అడుగుతుంది. ఎదురుగా కోడళ్ళని స్కానింగుకి తెచ్చిన అత్తగార్లు, వాళ్ళ వెనక మగవాళ్ళు. నా ముందున్నావిడ అన్నిటికీ "లేదమ్మా, లేదమ్మా" అనేసింది, పాపం లోపలికెళ్ళాక ఏం చెప్పుకుందో. ఒక్క కర్టెన్ కట్టడానికి ఎంతవుతుందండీ?

లోపల మాత్రం వేరే లోకం. డాక్టరమ్మ హడావిడి పడదు, నిద్ర, కోపం, కీళ్ళు, గుండె దడ, మా అమ్మకి తుంటి ఎముక విరిగిన సంగతి, అన్నీ అడిగి రాసుకుంది. హార్మోన్ల టెస్టులంటూ పెద్ద చీటీ రాస్తుందేమో అనుకున్నా, 45 దాటినవాళ్ళకి లక్షణాలు చూస్తే తెలిసిపోతుంది, అవన్నీ అక్కర్లేదంది. థైరాయిడ్, షుగర్ మాత్రం రాసింది, చెమటలు, దడ థైరాయిడ్ వల్ల కూడా వస్తాయట.

నాకు నచ్చిన ఇంకో సంగతి, గర్భసంచి తీసేద్దాం అనే మాటే ఎత్తలేదు. ఆ ఆపరేషన్లు దేశంలో ఎక్కువగా జరిగే రాష్ట్రాల్లో మనదీ ఒకటి. మా తోటికోడలికి వేరే ఊళ్ళో 38 ఏళ్ళకే గర్భసంచితో పాటు అండాశయాలూ తీసేశారు, అలా తీసేస్తే మెనోపాజ్ మెల్లగా కాదు, ఒక్కసారిగా మీద పడుతుందని ఆవిడకి ముందు చెప్పినవాళ్ళే లేరు.

ఇక హార్మోన్ మందులు. క్యాన్సర్ వస్తుందని అందరూ భయపెట్టేవి ఇవే. డాక్టరమ్మ చెప్పింది ఇదీ: వయసు 60 లోపు ఉండి, నెలసరి ఆగి 10 ఏళ్ళు దాటనివాళ్ళలో ఎక్కువమందికి నష్టం కంటే లాభమే ఎక్కువ. రొమ్ము క్యాన్సర్ వచ్చినవాళ్ళకి, రక్తం గడ్డలు కట్టినవాళ్ళకి, లివర్ జబ్బున్నవాళ్ళకి మామూలుగా ఇవ్వరు, వాళ్ళకి ఆవిర్లు తగ్గించే వేరే మాత్రలున్నాయి. గర్భసంచి ఉన్నవాళ్ళు ఈస్ట్రోజెన్ అనే హార్మోన్ ఒక్కటే వాడకూడదు, ప్రొజెస్టిరోన్ అనే ఇంకో హార్మోన్ కూడా తోడుండాలి. నాకు చర్మం మీద రాసుకునే జెల్, రాత్రి పడుకునే ముందు ఒక క్యాప్సూల్ ఇచ్చింది. జెల్ అయితే మాత్రల కంటే గడ్డల భయం తక్కువట. మొదట్లో ఏమీ తెలీలేదు, మానేద్దామనుకున్నా, కొన్ని వారాలు పోయాక రాత్రిళ్ళు జాకెట్ మార్చుకునే పని తప్పింది. నాకు పడింది కదా అని మీరు కొనేసుకోకండి, రొమ్ము పరీక్షా బీపీ చూశాకే ఇచ్చింది నాకు కూడా.

కింద మంట, మాటిమాటికీ యూరిన్ ఇన్ఫెక్షన్ ఉన్నవాళ్ళకి విడిగా ఈస్ట్రోజెన్ క్రీము ఉంది, తక్కువ డోసు, పని అక్కడికే, రక్తంలోకి వెళ్ళేది చాలా తక్కువ. మనవాళ్ళు మొగుడితో కూడా చెప్పరు ఈ బాధ.

ఎముకల సంగతి. ఊళ్ళో ఫ్రీ క్యాంపు పెట్టి మడమ మెషిన్లో పెట్టించి, "మీ ఎముకలు వీకు" అని పౌడరు డబ్బా అంటగడతారు చూడండి, ఆ కాగితం తీసుకెళ్ళి చూపించా. మడమ చూసి ఇది తేల్చకూడదు, తుంటికీ వెన్నుకీ డెక్సా, అంటే ఎముకల గట్టిదనం కొలిచే స్కానింగ్, తీయాలని రాజమండ్రికి రాసింది. అందులో టి స్కోరు మైనస్ 2.5 గానీ అంతకన్నా కిందకి గానీ వస్తే ఎముకలు గుల్లబారినట్టు. నాది అంత దాకా రాలేదు. రోజుకి 1200 మిల్లీగ్రాముల కాల్షియం కావాలంటూ నేను తినేవి అడిగింది, పాలు, రాగి జావ, నువ్వులు, ముళ్ళతో సహా నమిలేసే మెత్తళ్ళ చేపలు అన్నీ లెక్కేసి ఒక్క మాత్ర చాలంది. థైరాయిడ్ మాత్ర వేసుకునేవాళ్ళు దానికీ కాల్షియానికీ 4 గంటలు ఎడం పెట్టాలి.

ఇంత బాగా చెప్పి పంపిస్తే బయట మందుల కౌంటర్లో కుర్రాడు చీటీలో లేని సోయా క్యాప్సూల్స్, ప్రొటీన్ డబ్బా కవర్లో వేసేశాడు. "అందరూ తీసుకుంటారండీ" అట. తీయించేశా. బిల్లు చూడకుండా డబ్బులివ్వకండి.

ఫీజు 400, వారంలోపు రిపోర్టులు చూపిస్తే మళ్ళీ అడగరు. ఆదివారం ఉండదు. నెలసరి ఆగి ఏడాది దాటాక చుక్క రక్తం కనపడినా మాత్రం నంబరు కోసం ఆగకండి, ఫోన్లో ఆ మాట చెప్తే ముందే పంపిస్తారు. బీపీ అమ్మాయి ప్రశ్నలు మొదలెట్టగానే "డాక్టరు గారికే చెప్తానమ్మా" అనండి, ఏమీ అనదు, నేను ఇప్పుడు అదే చేస్తున్నా.