షరతుల బేరానికి ఏది మేలు: వాట్సాపా, అద్దె సాఫ్ట్‌వేరా, సొంతదా?

వరంగల్ ఏనుమాముల మిర్చి యార్డులో జెండా పాట, అంటే ధర పలికే వేలం, అందరి ముందే జరుగుతుంది, దాంట్లో దాచేదేం లేదు. గుట్టుగా సాగాల్సిన బేరం వేరే ఉంది. కమీషన్ మీద రైతుల సరుకు అమ్మిపెట్టే అడ్తిదారు మా మామ, ఇంకొందరు అడ్తిదారులు కలిసి సీజన్‌కు ముందే బయటి రాష్ట్రాల ఖరీదుదారులతో షరతులు మాట్లాడుకుంటారు. తేమ ఎంత దాటితే ఎంత కోత, పైసలు ఎన్ని రోజుల్లో, లారీ కిరాయి ఎవరిది, తరుగు ఎవరు భరించాలి. 2025లో జీఐ (భౌగోళిక) గుర్తింపు వచ్చిన చపాటా మిర్చికైతే రంగు మీద ఇంకో పేచీ.

పోయినేడు ఇదంతా వాట్సాప్‌లోనే నడిచింది. ‘ఇంతకన్నా దిగొద్దు’ అని మావాళ్లు తమలో తాము అనుకున్న అంకెను ఒకాయన పొరపాటున ఖరీదుదారులున్న గ్రూపులో పెట్టాడు. రెండు నిమిషాల్లో డిలీట్ చేశారు గానీ, చూడాల్సినవాళ్లు అప్పటికే చూసేశారు. “ముక్కలన్నీ చూపించినంక ఆట ఏముంటది అల్లుడా” అన్నాడు మామ. ఈసారి ఏం వాడాలో చూడమని నా మీద పెట్టాడు.

కేంద్రం పెట్టిన ఆన్‌లైన్ మార్కెట్ ఈ-నామ్ ఉంది కదా అనొచ్చు. 2016లో మొదలైన ఆ వేదిక యార్డుకొచ్చిన సరుకును పాడుకోవడానికి. వారం రోజులు షరతుల మీద ముందుకూ వెనక్కూ పోయే మాటలకు అది పనికిరాదు.

వాట్సాప్‌లో మెసేజ్‌ను దారిలో ఎవరూ చదవలేరు, నిజమే. కానీ మా గుట్టు దారిలో పోలేదు. గ్రూపులో ఉన్న ప్రతివాళ్లకూ అన్నీ కనబడతాయి, ఎవరైనా స్క్రీన్‌షాట్ తీయొచ్చు. బ్యాకప్‌కు ఎన్‌క్రిప్షన్ విడిగా ఆన్ చేసుకోవాలి, మామ చేయలేదు. కొట్టులో కంప్యూటర్ మీద వాట్సాప్ పొద్దంతా తెరిచే ఉంటుంది. లారీ బయల్దేరిందని చెప్పడానికి ఇది చాలు, అంతవరకే.

సొంతంగా చేయించుకుందామని కుర్ర అడ్తిదారులకు మహా ఉత్సాహం. నేను వద్దన్నాను. కట్టడం పెద్ద పని కాదు, కాపలా పెద్ద పని. సైబర్ దాడి జరిగితే తెలిసిన 6 గంటల్లో కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్‌కు చెప్పాలని, లాగ్‌లు (సిస్టంలో ఎప్పుడేం జరిగిందో రాసుకునే చిట్టాలు) 180 రోజులు దాచాలని 2022 నుంచి నిబంధన ఉంది. చేసిచ్చిన పిల్లగాడు హైదరాబాద్‌లో ఉద్యోగానికి పోతే రాత్రి రెండింటికి ఎవరు చూస్తారు?

ఇక నెలవారీ అద్దెకు దొరికే రెడీమేడ్ వేదిక. ఖర్చుంది, మన కాగితాలు ఇంకొకరి సర్వర్‌లో ఉంటాయి. అయినా నా ఓటు దీనికే, ఎందుకంటే గదులు వేరు చేయొచ్చు. మనవాళ్లు మాట్లాడుకునేదొకటి, ఇద్దరూ కూర్చునేదొకటి. ముసాయిదాలో ఏ అంకె ఎవరు ఎప్పుడు మార్చారో రాసి ఉంటుంది. డౌన్‌లోడ్ ఆపేయొచ్చు. మధ్యలో విడిపోయినవాళ్ల లాగిన్ తీసేస్తే ఆ పూట నుంచే ఏదీ కనబడదు.

అంకె ఎవరు ముందు చెప్పాలన్న తగాదాకూ దారి దొరికింది. పశువుల సంతలో తువ్వాలు కింద వేళ్లు పట్టి బేరమాడితే పక్కవాడికి తెలియదు, ఎదుటివాడికి మాత్రం వెంటనే తెలుస్తుంది. ఇక్కడ ఎదుటివాడికీ కాసేపు తెలియకూడదు. ఇద్దరి అంకెలూ పడ్డాకే తెరుచుకునే సీల్డ్ ఆఫర్ ఉన్న వేదిక చూశాను. అది లేకపోతే అంకెను హ్యాష్ చేసి, అంటే వెనక్కి విప్పలేని కోడ్‌గా మార్చి, ఆ కోడ్ ముందు పంపి, అసలు అంకె తర్వాత చెప్పొచ్చు; మధ్యలో అంకె మారిస్తే కోడ్ కలవదు. వట్టి 14500 లాంటి అంకెకు హ్యాష్ తీస్తే మాత్రం అవతలివాళ్లు అంకెలన్నీ వరసగా వేసి చూసి పట్టేస్తారు. పక్కన ఊహకందని పొడుగాటి అక్షరాల వరస చేర్చాలి. ఇదంతా విని మామ “గింత కథనా?” అన్నాడు. సీల్డ్ ఆఫరే ఖాయం చేశాం.

లాగిన్‌కు ఎస్సెమ్మెస్ ఓటీపీ వద్దని, డూప్లికేట్ సిమ్ తీస్తే అది అవతలివాడికే పోతుందని, ఫోన్‌లోనే ఆరంకెల కోడ్ చూపించే ఆథెంటికేటర్ యాప్ పెట్టించాను. మొదటిరోజే మామ గల్లా దగ్గర నుంచి ఆ ఆరంకెలూ గుమాస్తాకు వినబడేలా గట్టిగా చదివాడు. ఖరీదుదారు మనిషి అక్కడే బెంచీ మీద చాయ్ తాగుతున్నాడు. ఆయన పోయాక అడిగితే, “మరి ఒర్రకపోతే వానికెట్ల ఇనవడ్తది?” అన్నాడు. ఆ సాయంత్రమే గుమాస్తాకు వేరే లాగిన్ తీయించాను, చదవడానికి మాత్రమే.