విలన్ స్థావరంలో కాఫీ: షిల్తోర్న్ కొన మీద పిట్స్ గ్లోరియా రివ్యూ

ముందే చెప్పేస్తే మేలు. పిట్స్ గ్లోరియాకి భోజనం కోసం వెళ్తే నిరాశే మిగులుతుంది, చోటు కోసం వెళ్తే మాత్రం టికెట్ డబ్బులు వసూలైనట్టే. స్విట్జర్లాండ్‌లో ముర్రెన్ ఊరి పైన, 2,970 మీటర్ల షిల్తోర్న్ శిఖరం మీద గుండ్రంగా తిరిగే రెస్టారెంట్ ఇది. 1969లో వచ్చిన జేమ్స్ బాండ్ సినిమా 'ఆన్ హర్ మెజెస్టీస్ సీక్రెట్ సర్వీస్'లో విలన్ బ్లోఫెల్డ్ అలర్జీల వైద్యశాల పేరుతో నడిపే స్థావరం ఇదే. బయట కనిపించే భవనం సెట్ కాదు, అసలుదే. క్లైమాక్స్‌లో పేలిపోయేది మాత్రం నమూనా బొమ్మ.

ఈ కొండ మీదకి చేర్చే కేబుల్ కారు 1967లో మొదలైంది. యూనిట్ వాళ్లు వచ్చేటప్పటికి రెస్టారెంటు గోడలు లేచాయి గానీ లోపలి పని ఇంకా మిగిలే ఉంది. ఆ పనికి, హెలికాప్టర్ దిగే చోటుకి నిర్మాతలు డబ్బు పెట్టారు. బదులుగా షూటింగ్ పూర్తయ్యేదాకా ఆ చోటు వాళ్ల చేతుల్లో ఉంది. పిట్స్ గ్లోరియా అన్న పేరు కూడా కథలోదే. సినిమా వెళ్లిపోయినా పేరు అక్కడే ఉండిపోయింది.

స్పై సినిమాకి ఇది ఎందుకంత అతికిందో తెలియాలంటే లోపల కూర్చుంటే లాభం లేదు, బయటికి రావాలి. తలుపు దాటి టెర్రస్ మీదకొచ్చి, అక్కణ్ణుంచి శిఖరం అంచున కట్టిన వ్యూ ప్లాట్‌ఫామ్ వైపు కాస్త నడిచి వెనక్కి తిరగండి. మెట్టు మెట్టుగా దిగే రాతి కొన, దాని నెత్తిన లోహపు రేకులు, గాజుతో గుండ్రటి భవనం, కింద నాలుగు వైపులా ఏమీ లేదు. రోడ్డు లేదు. మామూలు మనిషి పైకి రావాలన్నా, కిందికి పోవాలన్నా ఆ కేబుల్ కారు తీగ మీదే. చుట్టూ గాజు కాబట్టి లోపలున్నవాడికి ఎవరు వస్తున్నదీ ముందే తెలుస్తుంది, వచ్చేవాడికి దాక్కునే చోటుండదు. కథకి కావలసిన ఇరుకు మొత్తం ఈ కొండే ఇచ్చేసింది. సినిమాలో హీరోని బంధించేది కూడా కేబుల్ కారు చక్రాలు తిరిగే గదిలోనే. మన తెలుగు సినిమా పాటలు స్విట్జర్లాండ్‌ని పచ్చిక కోసం, మంచు కోసం ఏళ్ల తరబడి వాడుకున్నాయి గానీ, ఇలాంటి ఇనుము, గాజు, తీగల స్విట్జర్లాండ్ జోలికి పెద్దగా పోలేదు. ఎందుకు పోలేదో మరి.

ఇక దారి. ఇంటర్లాకెన్ ఓస్ట్ స్టేషన్‌లో లౌటర్‌బ్రున్నెన్ రైలెక్కాలి, ఇరవై నిమిషాల ప్రయాణం. ఎక్కువమంది పొరబడేది ఇక్కడే. ఆ రైలు త్స్వైల్యుచినెన్ దగ్గర రెండు ముక్కలవుతుంది, సగం లౌటర్‌బ్రున్నెన్‌కి, సగం గ్రిండెల్‌వాల్డ్‌కి పోతుంది. ప్లాట్‌ఫామ్ బోర్డు మీద ఏ సెక్టార్ ఎటు పోతుందో రాసి ఉంటుంది, పెట్టె మీద కూడా ఉంటుంది. చూసుకోకుండా ఖాళీగా ఉందని ఎక్కితే గ్రిండెల్‌వాల్డ్‌లో, ఐగర్ కొండ కింద తేలతారు. లౌటర్‌బ్రున్నెన్ స్టేషన్ బయట 141 నంబరు బస్సు పట్టుకుని 'స్టెకెల్‌బెర్గ్, షిల్తోర్న్‌బాన్' అన్న స్టాపులో దిగాలి. చివరి దాకా కూర్చుంటే స్టెకెల్‌బెర్గ్ ఊళ్లోకి పోతుంది, అక్కణ్ణుంచి వెనక్కి రావాల్సిందే. సొంత కారు ఉంటే కేబుల్ కారు స్టేషన్ పక్కనే డబ్బులు కట్టే పెద్ద పార్కింగ్ ఉంది. ముర్రెన్‌లోకి కార్లు రావు.

స్టెకెల్‌బెర్గ్ స్టేషన్ 867 మీటర్ల ఎత్తులో ఉంటుంది. 2024 డిసెంబర్‌లో ఇక్కణ్ణుంచి ముర్రెన్‌కి నేరుగా పోయే కొత్త కేబుల్ కారు మొదలైంది. దాని వాలు 159.4 శాతం, ప్రపంచంలోనే అత్యంత నిట్టనిలువు కేబుల్ కారుగా చెబుతారు. అంటే అడ్డంగా వంద మీటర్లు జరిగేలోపు నిలువుగా దాదాపు 160 మీటర్లు పైకి పోతుంది, కోణంలో చెప్పాలంటే 58 డిగ్రీల దగ్గర. దాదాపు నాలుగు నిమిషాల్లో ముర్రెన్. క్యాబిన్‌లో లోయ వైపు గాజు దగ్గర నిలబడండి. కొండ వైపు నిలబడితే రాయి తప్ప ఏమీ కనిపించదు. ముర్రెన్ తర్వాత బిర్గ్, అది 2,677 మీటర్లు. అక్కడ మళ్లీ మారి షిల్తోర్న్. పై భాగాల తీగలూ క్యాబిన్లూ కూడా కొత్తవే. కాబట్టి సినిమాలో చూసిన కేబుల్ కారు కోసం వెతకొద్దు, అది లేదు. పాతదాన్ని తలచుకునే అభిమానులకి ఇదొక్కటే లోటు. ప్రయాణికుడికి మాత్రం క్యూ తగ్గింది, సమయం కలిసొచ్చింది.

ఇంకో దారీ ఉంది. లౌటర్‌బ్రున్నెన్ నుంచి గ్రూచాల్ప్‌కి కేబుల్ కారు, అక్కణ్ణుంచి చిన్న రైల్లో ముర్రెన్. దృశ్యాలకి ఇదే బాగుంటుంది. కాకపోతే ముర్రెన్ రైల్వే స్టేషన్ ఊరికి ఒక కొసన, షిల్తోర్న్ కేబుల్ కారు మరో కొసన ఉంటాయి, మధ్యలో పావుగంట పైనే నడక. పైకి ఒక దారిలో, కిందికి రెండో దారిలో వస్తే రెండూ చూసినట్టవుతుంది.

టికెట్ ఖరీదైనదే. స్టెకెల్‌బెర్గ్ నుంచి రానూపోనూ పూర్తి ధర వంద ఫ్రాంకులు దాటుతుంది. స్విస్ ట్రావెల్ పాస్ (పర్యాటకులకి రైళ్లు, బస్సుల్లో చెల్లే పాస్) ఉంటే ముర్రెన్ దాకా ఉచితం, ఆ పైన సగం ధర. హాఫ్ ఫేర్ కార్డు ఉంటే మొత్తం దారికి సగం. రెండూ ఉన్నాయని పావు ధర అడిగితే ఇవ్వరు. మన ప్యాకేజీ టూర్లు ఎక్కువగా తిప్పే యుంగ్‌ఫ్రావ్ యోక్ కనుమతో పోలిస్తే ఇది బాగా చవక. అక్కడ హిమానీనదం మీద నిలబడతారు, ఇక్కడ ఆ కొండలన్నిటినీ ఎదురుగా నిలబెట్టి చూస్తారు.

డబ్బు వృథా అయ్యేది ధర వల్ల కాదు, మబ్బు వల్ల. శిఖరం మీది వెబ్‌క్యామ్ ఆన్‌లైన్‌లో కనిపిస్తుంది, ముర్రెన్ దాటే ముందు స్టేషన్ తెర మీద కూడా చూడొచ్చు. తెర తెల్లగా ఉంటే టికెట్ కొనకండి. ముర్రెన్ దాకా వచ్చి ఆగిపోయినా నష్టం లేదు, ఆ ఊరు చూడదగ్గదే. వేసవిలో ఎండ ఎక్కేకొద్దీ లోయ నుంచి ఆవిరి లేచి మధ్యాహ్నానికి మబ్బు కడుతుంది. అందుకే పొద్దున్నే పొమ్మంటారు. కానీ ఫొటోల మాటకొస్తే చిక్కుంది. ఐగర్ (3,967 మీటర్లు), మోంక్ (4,110), యుంగ్‌ఫ్రావ్ (4,158) శిఖరాలు మూడూ షిల్తోర్న్‌కి తూర్పున ఉన్నాయి. పొద్దున సూర్యుడు వాటి వెనక ఉంటాడు, ఎంత మంచి కెమెరా అయినా నల్లటి అంచులే వస్తాయి. ముఖాల మీద వెలుగు పడేది సాయంత్రం వైపు. రెండూ కుదిరేది అక్టోబరులో. కింద లోయల్లో పొగమంచు పరుచుకుని, పైన రోజంతా నిర్మలంగా ఉండే రోజులు అప్పుడే ఎక్కువ. మరమ్మతులకి మూసే రోజులేమైనా ఉన్నాయేమో ముందే చూసుకోవాలి. దక్షిణం నుంచి ఫ్యోన్ అనే వెచ్చని కొండగాలి వీచే రోజు కొండలు చేతికందేంత దగ్గరగా కనిపిస్తాయి, అదే గాలి ముదిరితే కేబుల్ కారు ఆగిపోతుంది.

ఇప్పుడు రెస్టారెంటు. బల్లలున్న వలయం తిరుగుతుంది, మధ్య భాగం కదలదు. ఒక చుట్టుకి సుమారు ముప్పావు గంట. కుర్చీలో ఉన్నంతసేపూ కదలిక తెలియదు, కిటికీ చట్రం వెనక కొండ నెమ్మదిగా తప్పుకుంటుంటే తెలుస్తుంది. వాష్‌రూముకి వెళ్లొచ్చేసరికి మీ బల్ల వదిలిన చోట ఉండదు. మెట్ల గుర్తు పెట్టుకుంటే దారి తప్పుతారు, పక్క బల్లవాళ్లని గుర్తు పెట్టుకోండి. కిటికీ గట్టు మీద ఫోను, కళ్లజోడు పెట్టొద్దు. గోడ ఆగి ఉంటుంది, మీరు ముందుకి పోతారు, కాసేపటికి మీ ఫోను వేరేవాళ్ల బల్ల పక్కన ఉంటుంది. గాజులోంచి ఫొటో తీసేటప్పుడు లెన్సు అద్దానికి ఆనించండి, లేకపోతే లోపలి దీపాలూ మీ తెల్ల చొక్కా అన్నీ ఫొటోలో పడతాయి.

తిండి ధర ఎత్తుకి తగ్గట్టుంటుంది, రుచి మాత్రం కిందిదే. జేమ్స్ బాండ్ బ్రంచ్ బఫే ఆకలి మీదున్నవాళ్లకి గిట్టుబాటు. బర్గర్లు, పాస్తా, రోస్టీ (బంగాళాదుంప తురుముతో వేసే అట్టు) మామూలు స్విస్ పర్యాటక స్థాయి. మాంసం ముట్టనివాళ్లకి కొన్ని జాగ్రత్తలు. సూపు కూరగాయలదే అని రాసి ఉన్నా ఎసరు మాంసపుదేమో అడగండి. రోస్టీలో బేకన్ ముక్కలు పడే అలవాటుంది, వద్దని ముందే చెప్పాలి. గ్రుయేర్ లాంటి సంప్రదాయ చీజ్ కోసం పాలు విరగ్గొట్టేది దూడ కడుపు నుంచి తీసిన రెనెట్‌తో. నిష్ఠగా ఉండేవాళ్లు దాన్నీ వదిలేయాల్సిందే. టీ జోలికి పోకండి. ఈ ఎత్తులో నీళ్లు 90 డిగ్రీల దగ్గరే మరుగుతాయి, సంచి ఎంతసేపు ముంచినా డికాక్షన్ దిగదు. ఎస్ప్రెసో మిషన్ ఒత్తిడితో పనిచేస్తుంది కాబట్టి కాఫీ బాగానే వస్తుంది. కిటికీ పక్కన ఒక కాఫీ, ఒక తీపి, ఒక చుట్టు. అంతకు మించి ఖర్చు అనవసరం. భోజనం ముర్రెన్‌లోని కోప్ దుకాణంలో కొనుక్కుని పైకి తెచ్చుకోవచ్చు, పులిహోర పొట్లం తెచ్చుకున్నా టెర్రస్ మీద తినొచ్చు. అక్కడ పసుపు ముక్కు, ఎర్ర కాళ్ల నల్ల పక్షులుంటాయి, ఆల్పైన్ చఫ్‌లు. పొట్లం విప్పగానే రెయిలింగ్ మీద వాలతాయి. చెయ్యి చాపి ముద్ద పట్టుకున్నారో, గాల్లోంచే ఎగరేసుకుపోతాయి.

2013లో బాండ్ వరల్డ్ పేరుతో కింది అంతస్తులో ప్రదర్శన పెట్టారు. టికెట్‌లోనే కలిసి ఉంటుంది. హెలికాప్టర్ సిమ్యులేటర్, బాబ్‌స్లెడ్ (మంచు మీద జారే బండి) సిమ్యులేటర్ పిల్లలకి నచ్చుతాయి. పెద్దవాళ్లకి షూటింగ్ ఎలా జరిగిందో చెప్పే భాగమే అసలు సరుకు. మొత్తం అరగంట చాలు. మబ్బు పట్టిన రోజున డబ్బు కాస్తయినా గిట్టేది దీనివల్లే.

బిర్గ్‌లో మాత్రం తప్పక దిగండి. చాలామంది క్యాబిన్ మారి పైకి పోతారు గానీ, థ్రిల్ వాక్ ఉన్నది ఇక్కడే. నిట్టనిలువు కొండ పక్కకి ఇనుప కాలిబాట బిగించారు, పొడవు 200 మీటర్లు, విడిగా రుసుము లేదు. గాజు నేల, జాలీ నేల, పాకుతూ దూరే వల గొట్టం, కింద అగాధం మీద ఒంటి తీగ. గొట్టానికీ తీగకీ పక్కన మామూలు దారి ఉంది, భయమేస్తే దాని మీద నడవొచ్చు. చీర, పంచె కట్టుకున్నవాళ్లకి, ఎత్తు మడమల చెప్పులేసుకున్నవాళ్లకి జాలీ నేల నరకం. దిగే దారిలో చూస్తే మంచిది, పైకి పోయేటప్పుడు ఇక్కడ గంట గడిస్తే పైన మబ్బు కమ్మేస్తుంది.

పైన గాలి పీడనం సముద్ర మట్టం కంటే 30 శాతం దాకా తక్కువ. లోయ నుంచి అరగంటలో రెండు వేల మీటర్లు ఎక్కేస్తారు కాబట్టి దిగగానే మెట్లు పరిగెత్తితే తల తిరుగుతుంది. గుండె, ఊపిరితిత్తుల జబ్బు ఉన్నవాళ్లు డాక్టరుని అడిగాకే రావాలి. పసిపిల్లలకి చెవులు మూసుకుపోతాయి, క్యాబిన్ కదిలేటప్పుడు పాలు పట్టడమో, నీళ్లు తాగించడమో చేయాలి. ఆగస్టులో కూడా స్వెట్టరు, గాలి ఆపే జాకెట్ ఉండాలి. టెర్రస్ మీద నీడ పడే మూలల్లో మంచు గడ్డకట్టి జారుతుంది, గట్టి అడుగున్న బూట్లే వేసుకోవాలి.

బాండ్ సినిమా చోట్లలో దీనికి పోటీ ఆస్ట్రియాలోని సోల్డెన్. 2015 సినిమాకి వాడుకున్న గాజు రెస్టారెంటు, దాని పక్కనే 2018లో తెరిచిన 007 ఎలిమెంట్స్ ప్రదర్శన అక్కడున్నాయి. ప్రదర్శనగా చూస్తే అదే మెరుగు, కొండలోకి తొలిచి కట్టారు, హంగు ఎక్కువ. చోటుగా చూస్తే షిల్తోర్న్‌దే పైచేయి.

కిందికి చివరి క్యాబిన్ ఎప్పుడో పైకి ఎక్కేముందే స్టేషన్ బోర్డు మీద చూసి ఫోన్‌లో ఫొటో తీసుకోండి. కాలాన్ని బట్టి ఆ సమయం మారుతుంది. అది తప్పితే ముర్రెన్‌కి 1,300 మీటర్ల పైచిలుకు దిగుడు, పై సగం రాళ్లగుట్టలు, జులై దాకా మధ్యలో మంచు. 1928 నుంచి జరుగుతున్న ఇన్ఫెర్నో స్కీ పందెం మొదలయ్యేది ఈ కొండ మీదే. స్కీలు లేనివాళ్లకి ఆ వాలు చీకట్లో పనికిరాదు.