రేవు పర్యటనా, ఉమ్మడి గస్తీయా: దక్షిణ చైనా సముద్రంలో మన నౌకలకు ఏది మేలు?

తూర్పు నౌకాదళానికి చెందిన నౌకలు మనీలాకో, వియత్నాంలోని కామ్ రాన్‌కో వెళ్ళాయన్న వార్త వచ్చిన ప్రతిసారీ పాఠకులు ఒకే ప్రశ్న అడుగుతున్నారు: చైనాతో లేనిపోని తగవు తెచ్చుకోకుండా ఆ దేశాలతో స్నేహం నిలుపుకోవడానికి ఏ పద్ధతి మేలు? 2025 ఆగస్టు తర్వాత ఈ ప్రశ్న మరీ ఎక్కువగా వినిపిస్తోంది. ఆ నెల మొదట్లో ఐఎన్‌ఎస్ ఢిల్లీ, శక్తి, కిల్తాన్ మనీలా రేవు నుంచి బయలుదేరి, 3, 4 తేదీల్లో ఫిలిప్పీన్స్ నౌకలతో కలిసి దక్షిణ చైనా సముద్రంలో తొలిసారి ఉమ్మడిగా సాగాయి. చైనా సైన్యపు దక్షిణ కమాండ్ అవే రోజుల్లో తానూ గస్తీ జరిపినట్లు ప్రకటించి, ఫిలిప్పీన్స్‌ను తప్పుపట్టింది.

దక్షిణ చైనా సముద్రంలో చాలా భాగం తనదేనంటూ చైనా పటం మీద గీసుకున్న తొమ్మిది గీతల రేఖ గురించి, 2016లో హేగ్‌లోని ట్రిబ్యునల్ దాన్ని కొట్టివేసిన సంగతి గురించి మళ్ళీ చెప్పనక్కరలేదు. మన ముందున్న ప్రధాన మార్గాలు రెండు. ఒకటి, ఎవరి సొంతమన్న వివాదమే లేని రేవుకు ఆహ్వానం మీద వెళ్ళి రావడం. రెండవది, వివాదం ఉన్న నీటిలో ఆ దేశపు నౌకలతో కలిసి సాగడం. వివాదాస్పద దీవుల పక్క నుంచి కావాలని వెళ్ళడం మూడవది.

రేవు పర్యటనలో ప్రమాదం రేవులో ఉండదు, రేవుకు చేరే దారిలో ఉంటుంది. ఈ పోలికలో నా దృష్టికి నిర్ణాయకమైన అంశం ఇదే. 2011 జులైలో ఐఎన్‌ఎస్ ఐరావత్ వియత్నాంలో సద్భావన పర్యటనకు వెళ్ళింది. న్యా ట్రాంగ్‌లో ఉన్నన్నాళ్ళూ ఏ ఇబ్బందీ రాలేదు. 22వ తేదీన అక్కడి నుంచి హై ఫాంగ్‌కు బయలుదేరాక, వియత్నాం తీరానికి 45 నాటికల్ మైళ్ళ దూరంలో, తాను చైనా నౌకాదళమని చెప్పుకున్న ఒక గొంతు రేడియోలో వినిపించి, మీరు చైనా జలాల్లోకి ప్రవేశిస్తున్నారని హెచ్చరించింది. చుట్టుపక్కల ఏ నౌకా, ఏ విమానమూ కనిపించలేదు. ఐరావత్ అనుకున్న దారినే సాగిపోయింది. సెప్టెంబరు 1న మన విదేశాంగ శాఖ ఘర్షణ ఏమీ జరగలేదని చెబుతూనే, అంతర్జాతీయ జలాల్లో నౌకాయాన స్వేచ్ఛకు తాము కట్టుబడి ఉన్నామని స్పష్టం చేసింది. ఆ జవాబు అంత నిబ్బరంగా ఇవ్వగలగడానికి కారణం, ఆ నౌక ఆహ్వానం అందుకుని ఒక రేవు నుంచి మరో రేవుకు మామూలు దారిలో పోతున్న అతిథి కావడమే.

దీనికి పక్కన బ్రిటన్ అనుభవాన్ని పెట్టి చూడాలి. 2018 ఆగస్టు చివర్లో హెచ్‌ఎంఎస్ ఆల్బియన్ వియత్నాంలోని హోచిమిన్ నగరానికి వెళుతూ, చైనా అధీనంలో ఉన్నా వియత్నాం కూడా తమవేనంటున్న పారాసెల్ దీవుల దగ్గరగా సాగింది. ఏ దీవికీ 12 నాటికల్ మైళ్ళ లోపలికి, అంటే ప్రాదేశిక జలాల హద్దు లోపలికి, అది వెళ్ళలేదు. ఆ దీవుల చుట్టూ చైనా గీసుకున్న సరిహద్దు రేఖలను బ్రిటన్ గుర్తించదని చూపడమే ఉద్దేశం. చైనా ఒక ఫ్రిగేట్ యుద్ధనౌకను, రెండు హెలికాప్టర్లను పంపింది, నిరసన తెలిపింది, వాణిజ్య చర్చలకు ఇది మంచిది కాదని అక్కడి అధికారిక పత్రిక రాసింది. నౌక ఆ తర్వాత చేరిన హోచిమిన్ రేవు ఆ నిరసనకు విషయమే కాలేదు, విషయమంతా పారాసెలే. బ్రిటన్ వాదన న్యాయమైనదే కావచ్చు. అయితే స్నేహయాత్రను, హక్కుల ప్రకటనను ఒకే ప్రయాణంలో కలిపితే రెండవదే మిగిలి మొదటిది మరుగున పడుతుందని నాకు అనిపిస్తుంది.

రేవు పర్యటనకున్న మరో బలం ఆతిథ్యదేశం అనుమతి. అనుమతి లేకుండా ఏ యుద్ధనౌకా పరాయి రేవులోకి రాలేదు కనుక, ఎంత దూరం వెళ్ళాలో, ఎంత తరచుగా వెళ్ళాలో ఆ దేశమే నిర్ణయిస్తుంది. సైనిక కూటముల్లో చేరబోమని, విదేశీ స్థావరాలకు చోటివ్వబోమని 2019 రక్షణ శ్వేతపత్రంలో చెప్పుకున్న వియత్నాం, అమెరికా విమానవాహక నౌకలను 2018లో, 2020లో, 2023లో డానాంగ్‌కు రానిచ్చింది. ఆ వేగం ఎంచుకున్నది వాషింగ్టన్ ఒక్కటే కాదు, హనోయ్ కూడా. నౌక నాలుగు రోజుల్లో వెళ్ళిపోతుంది, చైనా పొరుగున ఉండవలసినది ఆతిథ్యదేశమే. ఆ బరువు ఎలా ఉంటుందో మనం అవతలి వైపు నుంచి చూశాం: 2022 ఆగస్టులో చైనా పరిశోధక నౌక యువాన్ వాంగ్ 5 శ్రీలంకలోని హంబన్‌టొట రేవుకు వస్తానన్నప్పుడు అభ్యంతరం చెప్పినది మనమే. మొదట వాయిదా కోరి, తర్వాత అనుమతించి, ఇద్దరి మధ్య నలిగిన శ్రీలంక చివరికి 2024 సంవత్సరమంతా విదేశీ పరిశోధక నౌకలను రానివ్వకూడదన్న నిర్ణయానికి వచ్చింది. మనీలాకు, హనోయ్‌కి అటువంటి ఇరుకు తెచ్చిపెట్టకుండా ఉండటం మన బాధ్యత.

ఉమ్మడి గస్తీ పక్షాన చెప్పవలసినది లేకపోలేదు. చైనాతో వివాదం ఉన్న స్కార్‌బరో, సెకండ్ థామస్ దిబ్బల దగ్గర చైనా నౌకల నీటి ఫిరంగుల దెబ్బలు తింటున్న ఫిలిప్పీన్స్‌కు రేవులో జరిగే విందుకన్నా సముద్రంలో పక్కన నిలిచే నౌక ఎక్కువ ధైర్యమిస్తుంది. 2024లో బ్రహ్మోస్ క్షిపణులు అందించిన దేశంగా మనం ఆ కోరికను తోసిపుచ్చలేం. అయినా అటువంటి గస్తీ ఒకసారి మొదలైతే, తర్వాతి ఏడాది దాన్ని మానుకోవడమే వెనకడుగుగా లెక్కకు వస్తుంది. రేవు పర్యటనను ఒక ఏడాది తప్పించినా ఎవరూ దానికి పెద్ద అర్థం తీయరు.

దీవుల పక్కగా సాగడం మనకు అవసరం లేదు. మన వాణిజ్య నౌకలు వెళ్ళేవి ఆ దీవుల చుట్టూ కాదు. తైవాన్ రేవులో లంగరు వేయడమన్నది పరిశీలనకే రాదు: అమెరికా నౌక కావోసియుంగ్ చేరిన రోజే తైవాన్‌ను బలంతో కలుపుకుంటామని 2017 డిసెంబరులో చైనా దౌత్యవేత్త ఒకరు బహిరంగంగానే అన్నారు.

నేను రేవు పర్యటన వైపే మొగ్గుతాను, ఒక షరతుతో. అది అన్ని వైపులా జరగాలి. 2012 జూన్‌లో మన నౌకలు రాణా, శివాలిక్, శక్తి, కార్ముక్ చైనాలోని షాంఘైలో ఆగాయి. 2019 ఏప్రిల్‌లో ఫ్రాన్స్ ఫ్రిగేట్ ఒకటి తైవాన్ జలసంధి దాటినందుకు తన చింగ్‌దావ్ రేవులో జరిగే నౌకా సమీక్షకు ఫ్రాన్స్‌ను చైనా రావద్దంది. అదే సమీక్షలో ఐఎన్‌ఎస్ కోల్‌కతా, శక్తి పాల్గొన్నాయి. గల్వాన్ తర్వాత ఆ తలుపు తెరవడం ఎంత కష్టమో తెలిసే చెబుతున్నాను: మనీలాకు ఏటా వెళ్ళాలి, ఉమ్మడి గస్తీ జరపాలనుకుంటే దాన్ని ఆ పర్యటనకు అతికించకుండా వేరే నెలలో విడిగా పెట్టుకోవాలి, చైనా రేవు నుంచి మర్యాదగా ఆహ్వానం వస్తే దాన్నీ స్వీకరించాలి.