ముందు కొవ్వు కరిగించాలా, ముందు కండ పెంచాలా, లేక రెండూ ఒకేసారా: కొత్తవాళ్లకి ఏది మేలు?

జిమ్‌లో చేరిన మొదటి వారంలోనే ఎవరికైనా మూడు నాలుగు రకాల సలహాలు వచ్చి పడతాయి. ట్రెడ్‌మిల్ మీద నడిచే ఆయన "ముందు ఆ పొట్ట తగ్గించండి, వెయిట్స్ సంగతి తర్వాత చూద్దాం" అంటాడు, డంబెల్స్ దగ్గరుండే కుర్రాడు "బాగా తిని సైజు పెంచన్నా, ఆ తర్వాత కొవ్వు కట్ చేద్దువుగానీ" అంటాడు, ఇంకొకరు రెండూ ఒకేసారి అయిపోతాయి అంటారు, అది వినగానే పక్కనున్నాయన అబ్బే అది అస్సలు కుదరదు అని తేల్చేస్తాడు. తమాషా ఏంటంటే వీళ్లలో ఎవరూ అబద్ధం చెప్పట్లేదు, ఎవరికి పనిచేసింది వాళ్లు చెప్తున్నారు. కాకపోతే ఇన్నేళ్లుగా చేస్తున్నవాళ్ల ఒంటికీ, ఇవాళే మొదలుపెట్టిన ఒంటికీ చాలా తేడా ఉంటుంది, ఆ తేడా కొత్తవాళ్లకే లాభం.

నా మాట ముందే చెప్పేస్తా. కాస్తో కూస్తో పొట్ట ఉండి, ఇదివరకు ఎప్పుడూ సరిగ్గా బరువులు ఎత్తనివాళ్లు అయితే రెండూ ఒకేసారే మొదలుపెట్టాలి, ఎందుకంటే ఆ అవకాశం మళ్లీ అంత తేలిగ్గా రాదు. అలాగని మిగతా రెండు దారులూ పనికిరానివేం కావు, ఒక్కోటి చూద్దాం.

మొదటి దారి: డైట్, కార్డియో (నడక, పరుగు, సైక్లింగు లాంటివి), అంతే. దీనికి లెక్క చాలా సింపుల్. కేజీ కొవ్వులో సుమారు 7,700 కేలరీలు ఉంటాయి, రోజుకి ఖర్చయ్యేదానికంటే 500 తక్కువ తింటే వారానికి అర కేజీకి కొంచెం అటూ ఇటూగా తగ్గుతాం. మొదటి వారంలో అయితే ఒక్కోసారి రెండు కేజీలు కూడా పడిపోతుంది, అది చూసి అందరికీ భలే ఊపొస్తుంది, కానీ దాంట్లో ఎక్కువ నీళ్లే. ఒంట్లో దాచుకున్న గ్లైకోజెన్ (కండల్లో, లివర్‌లో ఉండే పిండిపదార్థం నిల్వ) ఒక్కో గ్రాముకి మూడు గ్రాముల దాకా నీళ్లు పట్టి ఉంచుతుంది, తిండి తగ్గించగానే ముందు అది ఖాళీ అవుతుంది. అందుకే రెండో వారంలో ముల్లు నెమ్మదిస్తే డైట్ పనిచేయట్లేదని కంగారుపడక్కర్లేదు.

కార్డియోని తీసిపారేసే జిమ్ బ్యాచ్ ఒకటుంది, వాళ్లతో నేను ఒప్పుకోను. అమెరికాలో డ్యూక్ యూనివర్సిటీ వాళ్లు అధిక బరువు ఉన్న మనుషుల్ని మూడు గ్రూపులు చేసి ఎనిమిది నెలలు చూశారు, 2012లో ఆ రిజల్ట్స్ వచ్చాయి. ఒక గ్రూపుకి కార్డియో మాత్రమే, ఒకదానికి వెయిట్స్ మాత్రమే, ఇంకోదానికి రెండూ. తిండి ఏం మార్చలేదు. కార్డియో గ్రూపుకి కొవ్వు సుమారు కేజిన్నర తగ్గింది, వెయిట్స్ మాత్రమే చేసినవాళ్లకి కొవ్వు దాదాపు కదల్లేదు, కాకపోతే కండ కేజీ దాకా పెరిగింది. రెండూ చేసినవాళ్లకి అటు కొవ్వూ తగ్గింది, ఇటు కండా పెరిగింది, కానీ వాళ్లు మిగతావాళ్లకంటే ఇంచుమించు రెట్టింపు టైమ్ పెట్టారు. అంటే తిండి ముట్టుకోకుండా ఒక్క వెయిట్స్‌తో పొట్ట పోతుందనుకుంటే కష్టమే. "కండ పెరిగితే కూర్చున్నా కొవ్వు కరుగుతుంది" అనే మాట కూడా బాగా ఊదేసిందే, కేజీ కండ ఖాళీగా ఉన్నప్పుడు రోజుకి ఖర్చు పెట్టేది 13 కేలరీలు, కేజీ కొవ్వు అయితే నాలుగున్నర. దీంతో ఒరిగేదేం లేదు.

మరి వెయిట్స్ ఎందుకయ్యా అంటే, తగ్గే బరువు ఎక్కడి నుంచి పోతుందన్న దాని కోసం. తిండి తగ్గించి కండలకి పని చెప్పకపోతే ఒళ్లు కొవ్వుతో పాటు కండని కూడా కొంత తీసేస్తుంది, వాడని దాన్ని పోషించడం దానికెందుకు? పది కేజీలు తగ్గి కూడా అద్దంలో చూసుకుంటే భుజాలు జారిపోయి, పొట్ట మాత్రం చిన్న సైజులో అలాగే ఉండేవాళ్లని మీరూ చూసే ఉంటారు. బరువు తగ్గారు గానీ షేప్ మారలేదు. ఆ తర్వాత కొంచెం తిండి పెరగగానే తిరిగొచ్చేది మాత్రం ఎక్కువగా కొవ్వే. మొదటి దారిలో నాకు నచ్చనిది ఇదొక్కటే, కానీ ఇదే పెద్దది.

రెండో దారి: ముందు బాగా తిని కండ పెంచి, తర్వాత కొవ్వు తీయడం. దీని మీద ఎక్కువ చెప్పడానికి ఏం లేదు. నిజంగా సన్నగా ఉండి, పక్కటెముకలు కనపడుతూ, పొట్ట అనేదే లేనివాళ్లకి ఇదే కరెక్ట్, వాళ్లు డైట్ అనే మాటే ఎత్తకూడదు. మిగతావాళ్లకి ఎందుకు వద్దంటే, కండ కట్టడానికి ఎక్స్‌ట్రా ఎనర్జీ కావాలి నిజమే, అది ఆల్రెడీ నడుము చుట్టూ మోస్తున్నారు కదా. 15 కేజీల అదనపు కొవ్వు అంటే లక్ష కేలరీల పైమాటే. బ్యాంకులో అంత డబ్బు పెట్టుకుని ఇల్లు కట్టడానికి అప్పు చేసినట్టుంటుంది. పైగా "బల్క్" (తిని సైజు పెంచడం) అనే పేరు పెట్టుకుంటే ఏది తిన్నా తప్పనిపించదు, అదో ట్రాప్.

మూడో దారి, రెండూ కలిపి. కొంచెం తక్కువ తినడం, ప్రోటీన్ మాత్రం తగ్గకుండా చూసుకోవడం, వారానికి రెండు మూడు రోజులు బరువులు ఎత్తడం. కుదరదు అనేవాళ్ల వాదన ఏంటంటే తక్కువ తింటే ఒళ్లు కట్టదు, తీసేస్తుంది అని. ఏళ్ల తరబడి చేసి సన్నగా గట్టిపడిన వాళ్ల విషయంలో అది చాలావరకు నిజమే. కొత్తవాళ్ల కండలకి మాత్రం ఇప్పటిదాకా ఎవరూ పని చెప్పలేదు కాబట్టి చిన్న దెబ్బకే రెస్పాండ్ అవుతాయి, కట్టడానికి మెటీరియల్ ప్రోటీన్ నుంచి వస్తుంది, కరెంటు ఖర్చు కొవ్వు నుంచి వస్తుంది.

కెనడాలో మెక్‌మాస్టర్ యూనివర్సిటీ వాళ్లు 2016లో పబ్లిష్ చేసిన స్టడీ ఒకటుంది. 40 మంది కుర్రాళ్లకి కావాల్సిన కేలరీల్లో 40 శాతం కోసేసి నాలుగు వారాలు వారానికి ఆరు రోజులు గట్టిగా చేయించారు. కేజీ బరువుకి 2.4 గ్రాముల ప్రోటీన్ తిన్నవాళ్లకి కొవ్వు 4.8 కేజీలు తగ్గి, లీన్ మాస్ (కొవ్వు తీసేస్తే మిగిలే బరువు, కండ అందులోదే) 1.2 కేజీలు పెరిగింది. 1.2 గ్రాములే తిన్నవాళ్లకి 3.5 కేజీల కొవ్వు తగ్గింది, లీన్ మాస్ పెరగలేదు, కానీ పోనూ లేదు. ఇది చదివి నాలుగు వారాల్లో అదే వస్తుందని మొదలుపెట్టకండి, వాళ్లకి భోజనం రెడీ చేసి ఇచ్చారు, పక్కన నిలబడి చేయించారు, ఉద్యోగం సంసారం ఉన్నవాళ్లు ఆరు రోజులు అలా చేస్తే రెండో వారంలోనే మంచం ఎక్కుతారు. తిండి తగ్గినా కండ నిలబడుతుంది, ప్రోటీన్ బాగుంటే పెరుగుతుంది కూడా అన్నదొక్కటి తీసుకోండి చాలు.

కోత కూడా అంత పెద్దది అక్కర్లేదు. నార్వేలో అథ్లెట్ల మీద చేసిన స్టడీ 2011లో వచ్చింది, వారానికి ఒంటి బరువులో 0.7 శాతం తగ్గినవాళ్లకి కండ పెరిగింది, 1.4 శాతం స్పీడుతో తగ్గినవాళ్లకి పెరగలేదు. 80 కేజీల మనిషికి 0.7 శాతం అంటే వారానికి అర కేజీ పైన కొంచెం, కాబట్టి రోజుకి 300 నుంచి 500 కేలరీల కోత దగ్గర ఆగిపోవడం మంచిది. ప్రోటీన్ విషయానికొస్తే, 2018లో 49 స్టడీలు కలిపి చూస్తే కేజీకి 1.6 గ్రాముల చుట్టుపక్కల దాటాక కండకి పెద్దగా అదనపు లాభం కనపడలేదు. 80 కేజీలకి 130 గ్రాములు అవుతుంది, ఒక గుడ్డులో ఉండేది ఆరు గ్రాములే కాబట్టి రెండు గుడ్లు తినేసి ప్రోటీన్ అయిపోయింది అనుకోవడం కుదరదు. బరువు మరీ ఎక్కువున్నవాళ్లు ఇప్పటి బరువు మీద కాకుండా చేరాలనుకున్న బరువు మీద లెక్కేసుకుంటే సరిపోతుంది. కిడ్నీ సమస్య ఉన్నవాళ్లు మాత్రం ఈ అంకెలు పక్కన పెట్టి డాక్టర్ని అడగాలి, అలాగే బీపీ, గుండె, షుగర్ మందులు వాడేవాళ్లు కూడా మొదలుపెట్టకముందే ఒకసారి చూపించుకోవాలి.

ఇక కార్డియో చేస్తే కండ పోతుందనే భయం. ఇది 1980లో హిక్సన్ అనే ఆయన చేసిన ప్రయోగం నుంచి మొదలైంది. అందులో ఒక గ్రూపు వారానికి ఐదు రోజులు బరువులు, ఆరు రోజులు గట్టి పరుగు, సైక్లింగు కలిపి పది వారాలు చేసింది, ఏడో వారం దాకా బలం పెరుగుతూ వచ్చి తర్వాత ఆగి కిందికి దిగింది. అంత కష్టం పడితే ఎవరికైనా దిగుతుంది మరి! మీరు చేసే అరగంట నడకకీ దానికీ సంబంధమే లేదు. వెయిట్స్ చేసే రోజు ముందు బరువులు, తర్వాత నడక, మిగతా రోజుల్లో వీలున్నంత నడక, డబ్ల్యూహెచ్‌ఓ 2020లో చెప్పింది కూడా వారానికి 150 నుంచి 300 నిమిషాలు మోస్తరు శ్రమ, దాంతోపాటు కనీసం రెండు రోజులు కండలకి పని అనే.

మూడో దారిలో అసలు చిక్కు ఒళ్లు కాదు, వెయింగ్ మెషిన్. ఇది కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే జనం ఎక్కువగా మానేసేది ఇక్కడే. కొత్తగా బరువులు ఎత్తితే కండల్లో వాపు, దాంతో నీళ్లు చేరతాయి, మొదటి రెండు మూడు వారాలు కొవ్వు తగ్గుతున్నా మెషిన్ మీద అంకె కదలకపోవచ్చు, కొందరికి అర కేజీ పెరుగుతుంది కూడా. క్రియేటిన్ (బలం కోసం వాడే సప్లిమెంట్) వాడితే ఇంకో కేజీ దాకా నీళ్లు. మొదటి దారిలో వెళ్లిన ఫ్రెండ్ అప్పటికే మూడు కేజీలు తగ్గాను అంటుంటాడు, మీకేమో అక్కడే ఉంది, ఒళ్లు మండుతుంది. అందుకని ఒక టేపు, ఒక చిన్న నోట్‌బుక్ పెట్టుకోండి. పొద్దున్నే బాత్రూమ్‌కి వెళ్లొచ్చాక, ఏం తినకముందు, పొట్ట లోపలికి లాక్కోకుండా మామూలుగా ఊపిరి వదిలి బొడ్డు దగ్గర కొలవాలి, వారానికోసారి, అదే టైమ్‌కి. నోట్‌బుక్‌లో ఎత్తిన బరువులు రాయాలి. ఉదాహరణకి డంబెల్ గుండెకి ఆనించి పట్టుకుని చేసే గాబ్లెట్ స్క్వాట్ తీసుకోండి, మొదటి రోజు 8 కేజీలతో మూడు సెట్లు చేసి, ఒక్కో సెట్‌లో ఎన్నిసార్లు చేశారో 8, 8, 6 అని రాశారు, తర్వాత 8, 8, 8 వచ్చింది, అలా 12, 12, 12 దాకా వెళ్లాక 10 కేజీల డంబెల్ తీసుకుంటే మళ్లీ 9, 8, 7కి దిగుతుంది, అక్కడి నుంచి మళ్లీ ఎక్కడం. పేజీలో ఈ అంకెలు పెరుగుతూ, టేపు మీద అంకె తగ్గుతూ ఉంటే మెషిన్ ఏం చూపించినా పని జరుగుతున్నట్టే. మొదటి కొన్ని వారాలు పెరిగే బలం ఎక్కువగా నరాలు ఆ పని నేర్చుకోవడం వల్ల వచ్చేది, కండ సైజు తర్వాత నిదానంగా వస్తుంది, ఇది తెలిస్తే అద్దం ముందు నిరాశ తగ్గుతుంది. రెండు మూడు వారాలు వరసగా బరువులూ ఎక్కక, టేపూ కదలకపోతే అప్పుడు తిండి లెక్క చూసుకోవాలి, చాలాసార్లు దొరికేది నూనె, కూల్‌డ్రింకులు, మధ్యలో నోట్లో వేసుకునే చిరుతిళ్ల దగ్గరే.

అందరికీ ఒకే కోత కాదు. బరువు చాలా ఎక్కువ ఉన్నవాళ్లు కోత కొంచెం పెద్దగా పెట్టుకున్నా కండకి నష్టం తక్కువ, నిల్వ ఎక్కువ కాబట్టి, కాకపోతే వాళ్లు మోకాళ్ల మీద పరుగు పెట్టకుండా నడక, సైకిల్‌తో ఆగాలి. చేతులు కాళ్లు సన్నగా, పొట్ట మాత్రం ముందుకొచ్చిన టైపు ఒకటి ఉంటుంది, నిజానికి అందరికంటే కన్‌ఫ్యూజ్ అయ్యేది వీళ్లే, ఇంకా తగ్గిస్తే పుల్లలా అవుతామని భయం, తింటే పొట్ట పెరుగుతుందని భయం. వీళ్లు కోత దాదాపు లేకుండా, ఇప్పుడు తినేంతే తింటూ ప్రోటీన్ పెంచి బరువుల మీద దృష్టి పెడితే బరువు అంతే ఉండి నడుము సన్నబడుతుంది. ఆడవాళ్లకీ ఇవే రూల్స్, బరువులెత్తితే మగవాళ్లలా అయిపోతామనే భయం అక్కర్లేదు, టెస్టోస్టెరాన్ వాళ్లలో చాలా తక్కువ. పొట్ట కోసం రోజూ వందల క్రంచెస్ (పడుకుని భుజాలు పైకి లేపడం) చేయడం మాత్రం ఎవరికీ దండగే, క్రంచెస్‌తో పొట్ట కండ గట్టిపడుతుంది గానీ పైనున్న కొవ్వు అక్కడి నుంచే పోదు.

మెషిన్లా, ఫ్రీ వెయిట్సా, ఇంట్లో పుష్-అప్‌లా అని కూడా అడుగుతారు. ఏదైనా ఒకటే, ప్రతి సెట్‌లో చివరి రెండు మూడు రెప్స్ (ఒకసారి ఎత్తి దించితే ఒక రెప్) కష్టంగా ఉండాలి, కొంతకాలానికి కష్టం పెరిగే దారి ఉండాలి. ఇంట్లో చేసేవాళ్లకి కాళ్ల దగ్గర, వీపు దగ్గర ఆ దారి తొందరగా మూసుకుపోతుంది, అప్పుడో జత డంబెల్స్ కొనుక్కోవడమే. సోమవారం చెస్ట్, మంగళవారం బ్యాక్ అని రోజుకో పార్ట్ పంచుకోవడం కొత్తవాళ్లకి నేనైతే చెప్పను, ఒక్క రోజు ఎగ్గొడితే ఆ పార్ట్‌కి మళ్లీ వారం దాకా పని ఉండదు. వారానికి మూడు రోజులు, ప్రతిసారీ ఒళ్లంతా: ఒక స్క్వాట్ రకం, కింద నుంచి ఎత్తేది ఒకటి, ముందుకి తోసేది ఒకటి, వెనక్కి లాగేది ఒకటి, ముప్పావుగంటలో అయిపోతుంది.

మూడు రోజులు కూడా దొరకట్లేదు అనేవాళ్లు రెండు రోజులు చేయండి, కొత్తలో అది కూడా బాగానే పనిచేస్తుంది. ఏదో ఒకటి వదులుకోవాల్సి వస్తే కార్డియో సెషన్ వదిలేయండి, ఆ రోజు ఫోన్ మాట్లాడేటప్పుడు నడవండి, తిండి కోత అలాగే ఉంచండి, బరువుల రోజు మాత్రం వదలొద్దు.