సంచి ఉన్న సీలింగ్ స్క్రేపర్: పదకొండు గదులు గీకిన తర్వాత

పాప్‌కార్న్ సీలింగ్‌ను, అంటే పేలాల్లా గింజలు తేలే పూత స్ప్రే చేసిన సీలింగ్‌ను, మామూలు పుట్టీ బ్లేడుతో గీకినవాళ్లకు సంచి విలువ చెప్పక్కర్లేదు. బాగా నానిన పూత లేచి రావడానికి పెద్ద బలమేమీ అక్కర్లేదు, ఒళ్లు హూనమయ్యేది ఆ తర్వాతే. తడి ముద్ద తల మీద, భుజాల మీద, నిచ్చెన మెట్ల మీద పడుతుంది. నేల మీది పట్టాపై పడింది చెప్పుల కింద నలిగి బురదవుతుంది. అవే చెప్పులతో పక్క గదిలో అడుగు పెడితే అక్కడ ఆరి తెల్లటి పొడిగా మిగులుతుంది. ఆ ముద్దను బ్లేడు కిందే పట్టేసుకునే పరికరం ఇది. వెడల్పాటి బ్లేడు, దాని వెనక సంచి తగిలించే తీగ చట్రం, కర్ర బిగించుకునే మర. పదకొండు గదుల సీలింగ్‌లు గీకాక కూడా ఆ సంచి మీద ఇష్టం తగ్గలేదు. దాన్ని మోసే భాగం మీద నమ్మకం మాత్రం పోయింది.

పరికరం కొనకముందే చేయాల్సిన పని ఒకటుంది. అమెరికాలో అలంకారం కోసం స్ప్రే చేసే పూతల్లో ఆస్బెస్టాస్ (పీలిస్తే ఊపిరితిత్తులకు హాని చేసే పోగుల ఖనిజం) వాడకాన్ని 1978లో నిషేధించారు. అప్పటికే తయారై ఉన్న సరుకు ఆ తర్వాత కూడా సీలింగ్‌లకు ఎక్కింది కాబట్టి 1980ల మొదట్లో కట్టిన ఇంటిని కూడా నమ్మడానికి లేదు. ఇంటి రంగుల్లో సీసం మీద నిషేధం కూడా 1978 నాటిదే, పూత మీద పాత రంగు ఉంటే అదీ చూసుకోవాలి. ఫ్యాన్లు ఆపి, మాస్కు పెట్టుకుని, సీలింగ్‌ను మూడు నాలుగు చోట్ల తడిపి, ఒక్కోచోట ఒక చెంచాడు గీకి, జిప్ సంచుల్లో విడివిడిగా మూసి ల్యాబ్‌కు పంపాలి. అక్కడ పోలరైజ్డ్ లైట్ మైక్రోస్కోపు కింద చూస్తారు. ఆస్బెస్టాస్ ఉందని తేలితే ఈ పరికరం బయటికి తీయకూడదు, అది లైసెన్సు ఉన్నవాళ్ల పని. సంచి తడి ముద్దను పట్టుకుంటుంది కానీ గాలిలోకి లేచే పోగుల్ని పట్టుకోదు. డబ్బా మీద 'దుమ్ము ఉండదు' అన్న మాట చూసి దీన్ని రక్షణ సాధనం అనుకోవడం చాలా ప్రమాదం.

ఇక సంచి పని చేసే తీరు. బ్లేడును ముందుకు నెట్టినప్పుడు లేచిన పూత బ్లేడు మీదుగా వెనక్కి జారి చట్రంలోకి పడాలి. ఇది జరిగేది బ్లేడుకీ సీలింగ్‌కీ మధ్య కోణం 25, 30 డిగ్రీల దగ్గర ఉన్నప్పుడే. అంతకన్నా పడుకోబెడితే ముద్ద బ్లేడు మీదే కూర్చుని, రెండు పక్కల నుంచీ జారి నేల మీద పడుతుంది. బాగా నిలబెడితే ముద్ద చక్కగా సంచిలోకే వస్తుంది కానీ బ్లేడు డ్రైవాల్ (కాగితం అంటించిన జిప్సం పలక) కాగితంలోకి దిగుతుంది. ఈ కోణాన్ని నిర్ణయించేది చెయ్యి కాదు, కర్ర పొడవూ నిలబడే చోటూ. 8 అడుగుల సీలింగ్‌కు 4 అడుగుల కర్ర బిగించి, గీకే చోటుకు సుమారు మూడడుగుల వెనక నిలబడితే కోణం దానంతటదే కుదురుతుంది. పని సాగేకొద్దీ తెలియకుండానే ముందుకు నడుస్తాం, సీలింగ్ మీద గాట్లు పడేది అప్పుడే. ప్రతి నెట్టుకూ ఒక అడుగు వేసి, మళ్లీ అదే దూరం ఉంచుకోవాలి.

సంచి తొడగడంలో ఒక చిన్న కిటుకు ఉంది. మూతిని చట్రం మీదుగా బెత్తెడు బయటికి మడిచి, నాలుగు బైండర్ క్లిప్పులు పెట్టాలి. పరికరంతో వచ్చే పళ్ల లాంటి పట్లు పలచటి సంచులను చించేస్తాయి. అన్నిటికన్నా ముఖ్యం బ్లేడు వైపు అంచు: సంచి మూతి బ్లేడు వెనక అంచుకు ఆనుకుని, దాని కిందికి దూరి ఉండాలి. అక్కడ వేలెడు సందు మిగిలినా తెల్లటి నీళ్లు సంచి బయటి నుంచి దిగి, కర్ర మీదుగా మోచేతి దాకా వస్తాయి. కర్ర పైభాగాన పాత గుడ్డ ఒకటి చుట్టి కడితే మిగిలిన నీళ్లను అది పీల్చుకుంటుంది.

మొదటి రెండు గదులు అయినప్పుడు అడిగి ఉంటే, నేల మీద పట్టా పరవడం కూడా అనవసరం అనేవాణ్ణి. ఇప్పుడు ఆ మాట అనను. ఎక్కువ భాగం సంచిలోకే వస్తుంది, నిజమే. కానీ స్ప్రే చేసేటప్పుడు రాలే చుక్కలు, బ్లేడు పక్కల నుంచి జారేవి, గోడ మూలల్లో పడేవి అన్నీ కలిస్తే నేల మీద పట్టా లేకుండా కుదరదు. గోడలకు పలచటి ప్లాస్టిక్, నేలకు కనీసం 4 మిల్ (మిల్ అంటే అంగుళంలో వెయ్యో వంతు) మందం పట్టా, గాలి వచ్చే రంధ్రాలకు టేపు, లైట్ల బ్రేకర్ ఆపి పైనున్న బాక్సుల్లోకి నీళ్లు దిగకుండా మూత. ఈ సంచి వల్ల వీటిలో ఒక్కటీ తగ్గలేదు. తగ్గింది చివర్లో పట్టా మడిచేటప్పుడు పడే అవస్థ. ఇంతకుముందు ఇద్దరు పట్టుకుని మోసే పట్టాను ఇప్పుడు ఒక్కరే చుట్టేయొచ్చు.

ఇప్పుడు అసలు గొడవ, లోపల మర ఉండి కర్ర బిగించే ప్లాస్టిక్ గొట్టం. మూడో గది సగంలో అది చీలింది. ఎందుకు చీలిందో తెలిస్తే మీ పరికరం చీలకుండా కాపాడుకోవచ్చు కాబట్టి వివరంగా చెబుతాను.

అమెరికాలో రంగు రోలర్లకు వాడే కర్రల చివర సాధారణంగా ముప్పావంగుళం ఆక్మే మర (పళ్లు వెడల్పుగా ఉండే ఒక రకం మర) ఉంటుంది, అంగుళానికి అయిదు చుట్లు. చుట్టు వెడల్పు. బిగించడానికీ విప్పడానికీ సులువు. రోలరుకు ఇది చాలు, దాని బరువు స్వల్పం, అదీ కర్రకు సూటిగా ఉంటుంది. ఈ స్క్రేపర్‌లో మాత్రం తడి ముద్ద నిండిన సంచి గొట్టానికి జానెడు దూరంలో, ముందు వైపు వేలాడుతుంది. స్ప్రేయర్‌లోని నాలుగు లీటర్ల నీళ్లు సీలింగ్ మీదికి వెళ్తే అందులో చాలా భాగం పూతతో కలిసి మళ్లీ సంచిలోకే దిగుతుంది, నీళ్ల బరువే నాలుగు కిలోలు. బ్లేడు సీలింగ్‌కు ఆని ఉన్నంతసేపూ ఆ బరువులో కొంత సీలింగ్ ఒత్తిడిలో సర్దుకుంటుంది. నెట్టు పూర్తయి బ్లేడును వెనక్కి తీసిన క్షణంలో మొత్తం బరువు గొట్టం మూతి మీద వంపుగా పడుతుంది. సంచి ఊగితే ఆ పోటు ఇంకా ఎక్కువ.

రెండో కారణం మరింత మోసకారి. సంచిలో ముద్ద ఎప్పుడూ నడిమధ్యన పడదు, ఒక పక్కకు చేరుతుంది. ఆ పక్క బరువు పరికరాన్ని కర్ర చుట్టూ కొద్దికొద్దిగా తిప్పుతుంది. తిరిగేది మర విప్పుకునే వైపైతే, పావుగంటలో ఒకటి రెండు చుట్లు వదులైపోతాయి. అప్పుడు కర్ర కొన మూతి దగ్గరే పట్టుకుని ఉంటుంది, లోపలి చుట్లు ఖాళీ. భారమంతా ప్లాస్టిక్ అంచు మీదికి వస్తుంది. అక్కడ ముందు వెంట్రుకంత తెల్ల గీత కనిపిస్తుంది. రంగు ప్లాస్టిక్ సాగినప్పుడు అలా తెల్లబడుతుంది. గీత కనిపించిన చోటే, నిలువునా, ఒకే దెబ్బకు చీలుతుంది. సంచీ బ్లేడూ కలిసి కింద పడతాయి. బ్లేడు అంచు కిందికి ఉండి పడితే ఏమవుతుందో ఊహించుకోవచ్చు, అందుకే సంచి నిండుగా ఉన్నప్పుడు దాని కింద ఎవరినీ నిలబడనివ్వకూడదు.

బాగు చేసే తీరు. సూపర్ గ్లూ ఒక గది కూడా నిలవలేదు. ఇలాంటి జిడ్డు ప్లాస్టిక్‌కు జిగురు పట్టదు. నిలిచింది స్టీలు హోస్ క్లాంపు, అంటే గొట్టాల చుట్టూ స్క్రూతో బిగించే పట్టీ. గొట్టం మూతికి బయటి నుంచి చుట్టి, కర్రను చివరిదాకా బిగించాక స్క్రూడ్రైవరుతో క్లాంపు బిగించాలి. ముందు క్లాంపు, తర్వాత కర్ర అయితే మర సరిగా కూర్చోదు. ఆపైన గొట్టం పక్క నుంచి కర్ర చెక్కలోకి సన్న రంధ్రం చేసి ఒక పొట్టి స్క్రూ దించితే పరికరం తిరగడం పూర్తిగా ఆగిపోతుంది. కర్ర కొన లోహానిదైతే స్క్రూ దిగదు, క్లాంపుతోనే సరిపెట్టుకోవాలి. కొత్త పరికరమైనా సరే, చీలకముందే క్లాంపు వేయడం మేలు. సంచిలో బెత్తెడు ఎత్తు ముద్ద చేరగానే ఖాళీ చేయాలి. ఇంకో రెండు నెట్లకు చోటుంది కదా అనిపిస్తుంది, గొట్టాలు పోయేది సరిగ్గా ఆ రెండు నెట్లకే.

ఈ అలవాటు పడ్డాక తర్వాతి ఎనిమిది గదుల్లో గొట్టం మళ్లీ ఇబ్బంది పెట్టలేదు. అయినా నాలుగు కిలోలు మోయాల్సిన చోట ప్లాస్టిక్ మర పెట్టినవాళ్ల మీద కోపం పోలేదు.

బ్లేడు గురించి కొద్దిగా. కొత్తది వచ్చినప్పుడు రెండు మూలలూ కత్తి కొనల్లా ఉంటాయి. ఆకురాయితో మూడు మిల్లీమీటర్ల మేర గుండ్రంగా అరగదీయకపోతే ప్రతి నెట్టుకూ డ్రైవాల్ మీద రెండు సమాంతర గీతలు పడతాయి. మేకు తలలు తగిలి అంచు నొక్కుకుంటే అదే ఆకురాయితో సరిచేయాలి. తడిగా వదిలేస్తే రాత్రికి రాత్రే తుప్పు పడుతుంది, తుడిచి ఒక చుక్క నూనె రాసి పెట్టాలి.

నానబెట్టడం సరిగా లేకపోతే సంచి ఉన్నా లాభం లేదు. గోరువెచ్చటి నీళ్లలో కొన్ని చుక్కల గిన్నెల సబ్బు కలిపి, పంపు స్ప్రేయర్‌తో ఒకసారికి నాలుగడుగుల చదరం తడపాలి. పది నిమిషాలు ఆగి మళ్లీ పలచగా కొట్టి, ఇంకో అయిదు నిమిషాల తర్వాత గీకాలి. పొడిగా ఉంటే పూత గింజలుగా చిట్లి సంచి దాటి ఎగురుతుంది. మరీ నానితే నీళ్లు కాగితంలోకి దిగి, అతుకుల దగ్గర టేపు ఉబ్బి బ్లేడుతో పాటే లేచి వస్తుంది. సరిగ్గా నానిన పూత చలిమిడి ముద్దలా ఒకే పట్టీగా లేస్తుంది. ఏదైనా అలమరా లోపల అడుగు చదరం గీకి చూసుకుని, మిగతా గదికి సమయం నిర్ణయించుకోవాలి.

గోడల దగ్గర ఈ పరికరం బలహీనం. చట్రం బ్లేడు కన్నా కాస్త వెడల్పు కాబట్టి గోడ పక్కగా నెడితే అంగుళం పైగా పట్టీ మిగిలిపోతుంది. గోడకు ఎదురుగా నెడితే బ్లేడు అంచు చివరిదాకా వెళ్తుంది కానీ మూలలో పోగైన ముద్ద వెనక్కి తీసేటప్పుడు కింద పడుతుంది. కాబట్టి ముందుగా ఆరంగుళాల చేతి బ్లేడుతో, కింద ఒక పుట్టీ తొట్టి పట్టుకుని గది చుట్టూ అరచెయ్యి వెడల్పు పట్టీ గీకేయాలి, మధ్యభాగాన్నే దీనికి వదలాలి. లైట్ బాక్సుల చుట్టూ కూడా అంతే.

రంగు వేసిన పూత అయితే సంచి మీద పెట్టుకున్న ఆశ చాలావరకు వదులుకోవాలి. నీళ్లు లోపలికి దిగవు. పైపైన పొడిగా ఒకసారి గీకి రంగు పొరను పగలగొట్టి, అప్పుడు తడపాలి. ఆ మొదటి గీకుడులో లేచే పెచ్చులు చట్రం మీద ఇరుక్కుంటాయి, దుమ్ము లేస్తుంది. ఇంటి కాలం ప్రకారం సీసం ఉండే అవకాశం ఉంటే పొడి గీకుడు అసలే చేయకూడదు. రంగు వేసిన రెండు గదులకు నాకు పట్టిన సమయం వేయని నాలుగు గదులకు పట్టలేదు. అంతకన్నా డ్రైవాల్ కొత్త పలకలు పైన కొట్టించడం నయం అనేవాళ్లను తప్పు పట్టను.

గీకడం అయ్యాక కనిపించే సీలింగ్ చూసి పరికరాన్ని తిట్టుకునేవాళ్లుంటారు. అది దాని తప్పు కాదు. డ్రైవాల్ పనిలో ముగింపు స్థాయిలు 0 నుంచి 5 వరకు ఉంటాయి. మందపాటి పూత రాబోయే సీలింగ్‌కు మూడో స్థాయితో సరిపెట్టేస్తారు, పూత అన్నిటినీ దాస్తుందని. కాబట్టి అతుకులు, మేకు తలలు బయటపడతాయి. ప్రైమరు, రెండు పొరల పలచటి పుట్టీ, 120, 150 నంబరు శాండ్ పేపర్ వేయక తప్పదు. బ్లేడు గాట్లు లేకుండా గీకితే ఆ పుట్టీ సగం మిగులుతుంది, ఇందులో మాత్రం గుండ్రటి మూలల బ్లేడు బాగా కలిసొచ్చింది.

కొనాలా అంటే, నా సీలింగ్‌లన్నీ 8 అడుగులవి, పదకొండులో తొమ్మిదింటికి రంగు లేదు, ఆస్బెస్టాస్ లేదని ల్యాబ్ కాగితం చేతిలో ఉంది. ఇలాంటి ఇంట్లో ఒంటరిగా పని చేసేవాళ్లకు ఇది మంచి పరికరం. ఒకే చిన్న గదైతే పన్నెండంగుళాల బ్లేడు, పెద్ద పట్టా చాలు. పదడుగుల సీలింగ్‌కు పొడవాటి కర్ర వేసి చూడలేదు, కానీ కర్ర పొడవు పెరిగితే ఊపు పెరుగుతుంది, ఆ గొట్టం మీద అంత భారం వేయడానికి నాకు ధైర్యం చాలదు. లోహపు మర ఉన్న నమూనా దొరికితే ధర కాస్త ఎక్కువైనా దాన్నే తీసుకోండి, దొరక్కపోతే పరికరంతో పాటు ఒక హోస్ క్లాంపు కూడా కొనండి.