షునార్డ్-ఫ్రాస్ట్ ఐస్ యాక్స్ కొనబోతున్నారా? ముందు ఇది చదవండి

పాత పర్వతారోహణ సుత్తులు, ఐస్ యాక్స్‌లు (మంచుకొండలు ఎక్కేవాళ్లు వాడే గొడ్డళ్లు) సేకరించే మిత్రులకు, ముఖ్యంగా అమెరికాలో ఉండి ఆన్‌లైన్‌లో కొంటున్న మనవాళ్లకు ఈ హెచ్చరిక. వెదురు పిడి ఉన్న అసలైన షునార్డ్-ఫ్రాస్ట్ అని చెప్పి నాకు 425 డాలర్లకు అంటగట్టింది అతుకుల బొంత. తల ఒకదానిది, పిడి ఇంకోదానిది, తల మీద పేరు ముద్రేమో ఈమధ్య కొట్టింది.

అమెరికన్ పర్వతారోహకులు ఇవాన్ షునార్డ్, టామ్ ఫ్రాస్ట్ రూపొందించిన ఈ గొడ్డలిని ఇటలీలోని ప్రెమానాలో క్యాంప్ కంపెనీ తయారుచేసేది. అంతకుముందు దాదాపు తిన్నగా ఉండే పిక్‌ను (మంచులో దిగే మొనను) వీళ్లు కిందికి వంచారు. మంచులో దిగాక ఊడిరాకుండా దానికి పళ్లు పెట్టారు. 1975లో ఇద్దరి భాగస్వామ్యం ముగిసింది కాబట్టి రెండు పేర్లూ ఉన్న తలకు గిరాకీ ఎక్కువ. మోసం పుట్టేదీ అక్కడే. ఎవరైనా "1980ల నాటి షునార్డ్-ఫ్రాస్ట్" అని ప్రకటన పెడితే, ఆ తేదీ ఎక్కడి నుంచి వచ్చిందో ముందు అడగండి.

నాకు వచ్చినదాని పిడి ఫొటోల్లో చక్కటి తేనెరంగులో ఉంది. చేతికొచ్చాక అడుగున ఉన్న పొన్ను (లోహపు తొడుగు) కొంచెం కదిలింది. మెల్లగా లాగితే ఊడివచ్చింది. దాని కింద తెల్లటి కొత్త చెక్క! పొన్ను అంచు దాకా రంగు పూసి వదిలేశారు. చెక్క కొసన భూతద్దం పెట్టి చూస్తే చెట్టు వలయాలు స్పష్టంగా కనిపించాయి. వెదురుకు వలయాలు ఉండవు. అడ్డంగా కోస్తే సన్నటి నల్ల చుక్కలు కనిపిస్తాయి, పొరలు అతికించిన పిడి అయితే ఆ అతుకుల గీతలూ కనిపిస్తాయి. నాకు పంపినదానికి పైపైన గోధుమరంగు గీతలు గీశారు. స్పిరిట్‌లో ముంచిన గుడ్డతో తుడిస్తే ఆ గీతలన్నీ గుడ్డకే అంటుకున్నాయి.

తల సంగతి ఇంకా ఘోరం. పాత ముద్రలో అక్షరాల అంచులు చుట్టూ ఉన్న ఇనుముతోపాటే అరిగి, అదే రంగులో ఉంటాయి. ఇక్కడ ప్రతి అక్షరం పక్కనా లోహం ఉబ్బి, వేలికి గరుగ్గా తగులుతోంది. పిక్ పళ్ల దగ్గర నీలిరంగు చార ఉంది. అంటే గ్రైండర్ మీద ఉక్కును కాలిపోయేదాకా పట్టారన్నమాట, అక్కడ దాని గట్టిదనం పోయినట్టే. ఏదో సాదా గొడ్డలి పిక్‌ను వంచి, పళ్లు కోసి, పేరు కొట్టారని నా నమ్మకం. పైనంతా ఒకే తీరున నారింజరంగు తుప్పు, వేలితో రాస్తే పొడిలా రాలుతోంది. అసలు పాత తుప్పు ముదురు గోధుమరంగులో లోహాన్ని పట్టుకుని ఉంటుంది, అంత తేలిగ్గా వదలదు.

సుత్తుల విషయంలో పిడి మార్చడం తప్పేమీ కాదు. పిటాన్లు (రాతి పగుళ్లలో దిగ్గొట్టే మేకులు) కొట్టీ కొట్టీ పిడులు విరగడం మామూలే. కాకపోతే మార్చామని చెప్పి అమ్మాలి, ధరా దానికి తగ్గట్టు ఉండాలి. దెబ్బకొట్టే ముఖం అద్దంలా నున్నగా ఉన్న పాత సుత్తిని మాత్రం నేను నమ్మను. పగుళ్లు కనపడకుండా అరగదీసి ఉండొచ్చు.

పిడి మీద చెక్కిన పొడి అక్షరాలు చూపించి "ఫలానా ఎవరెస్ట్ యాత్రకు వెళ్లినాయనది" అని కథ చెప్పేవాళ్లూ ఉన్నారు. 1933లో ఎవరెస్ట్ మీద దొరికిన గొడ్డలి, 1924లో మాలరీతో కలిసి అక్కడే కనిపించకుండా పోయిన శాండీ అర్విన్‌దే అనడానికి దాని పిడి మీద మూడు గాట్లు ఉన్నాయంటే సరిపోలేదు. అర్విన్ సామానులోనే అవే మూడు గాట్లున్న చేతికర్ర బయటపడ్డాక ఆ వాదనకు బలం వచ్చింది. అంతటి గొడ్డలికే అంత రుజువు కావలసి వచ్చినప్పుడు, ఉత్త పొడి అక్షరాలకు మీరు అదనంగా డబ్బు పెట్టకండి.

ఇంకో మాట. "దీంతో ఇప్పుడూ కొండ ఎక్కొచ్చు" అని ఆ ప్రకటనలో రాశారు. ఇది నాకు అన్నిటికంటే కోపం తెప్పించింది. 1953లో కె2 పర్వతం మీద పీట్ షోనింగ్ అనే పర్వతారోహకుడు చెక్కపిడి గొడ్డలితోనే, జారి పడిపోతున్న తోటివాళ్లను ఆపాడు. ఆ గొడ్డలి కొలరాడోలోని గోల్డెన్ అనే ఊళ్లో పర్వతారోహణ మ్యూజియంలో ఉంది, నిజమే. కానీ తల, పిడి, ఉక్కు ఏవీ నమ్మలేని ఈ అతుకుల సరుకును ఒక కుర్రాడు కొని మంచువాలు మీదికి తీసుకెళ్తే? ప్రాణాల మీదికి వస్తుంది.

కాబట్టి డబ్బు కట్టకముందే పొన్ను తీసిన ఫొటో, ముద్రను దగ్గరగా తీసిన ఫొటో, తలను పిడికి బిగించిన రివిట్ల ఫొటో అడగండి. పాత రివిట్లు, తల నుంచి పిడి మీదికి దిగే లోహపు పట్టీతో సమంగా అణిగి ఉంటాయి. నాదాంట్లో తళతళలాడే కొత్త మేకులున్నాయి. ఇలాంటి ఫొటోలు పంపడానికి నసిగేవాళ్ల దగ్గర కొనకండి. ఇంటికి వచ్చిన పెట్టెను వీడియో తీస్తూ విప్పండి. "ఉన్నది ఉన్నట్టే అమ్మాం, వాపసు లేదు" అని అమ్మినవాళ్లు మొండికేసినా, ఆ వీడియో, రంగంటిన గుడ్డ ఫొటో చూపించి కార్డు బ్యాంకులో ఫిర్యాదు చేస్తే నా డబ్బు వెనక్కి వచ్చింది. వస్తువును వాళ్లకే తిప్పి పంపాను.

అదే గొడ్డలి ఇప్పుడు వేరే ఖాతా పేరుతో మళ్లీ అమ్మకానికి వచ్చింది. గుర్తులు రాసుకోండి: బాడిసలా వెడల్పుగా ఉన్న అంచుకు ఎడమ మూల చిన్న పెచ్చు ఊడింది, పిక్ కొస నుంచి మూడో పన్ను మిగతావాటికంటే పొట్టిగా, వంకరగా ఉంటుంది. ఫొటోల్లో ఆ మూల కనిపించకుండా తిప్పి పెట్టారు. ఆ పన్ను మాత్రం కనిపిస్తోంది.